ఏడాదికి 600 రూపాయలు

2020 మార్చిలో బడులు మూతపడ్డాక మా ఫిజిక్స్ టీచర్లకు వాట్సాప్ గ్రూపే స్టాఫ్‌రూమ్ అయింది. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. టీవీలో పాఠం అవ్వగానే పిల్లలు డౌట్లతో మాకు ఫోన్ చేసేవారు. మాకు తట్టనివి గ్రూపులో అడిగేవాళ్లం. అప్పట్లో గ్రూపుకి 256 మందే పరిమితి. అది నిండిపోతే ఇంకోటి పెట్టాం.

ఒకరోజు నల్గొండ జిల్లా సార్ ఒకాయన పుటాకార దర్పణం మీద వచ్చిన డౌట్‌కి నోట్‌బుక్‌లో కిరణచిత్రాలు గీసి, ఫొటోలు తీసి, పక్కన ఓపిగ్గా వివరణ రాశారు. వారం తిరక్కుండానే అదే ప్రశ్న రెండో గ్రూపులో వచ్చింది. ఆ ఫొటోల కోసం గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య గంటసేపు వెతికాను, దొరకలేదు. అప్పట్లో గ్రూపులో కొత్తగా చేరినవాళ్లకి పాతవి అసలు కనపడేవి కావు. అంత మంచి పని అలా కొట్టుకుపోవడం నాకు ఎంతకీ మింగుడుపడలేదు.

నా దగ్గర పదో తరగతి చదివిన అబ్బాయి ఒకడు మాదాపూర్‌లో సర్వర్ల పని చేస్తాడు. వాడికి ఫోన్ చేసి ఏడుపొక్కటే తక్కువగా చెప్పుకున్నాను. "టీచర్, మ్యాట్రిక్స్ అని ఒక చాటింగ్ వ్యవస్థ ఉంది. దాని సర్వర్ ఎవరైనా సొంతంగా పెట్టుకోవచ్చు. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల చాటింగ్ యాప్‌ని దాని మీదే కట్టుకుంది. నేను పెట్టిస్తాను" అన్నాడు. 2021 జనవరిలో పెట్టేశాడు. ఫోన్‌లో ఎలిమెంట్ యాప్ వేసుకుని మా సర్వర్ పేరు కొడితే చాలు. కాంతికి ఒక గది, విద్యుత్తుకి ఒక గది, ప్రయోగాలకి ఒక గది. వెతికితే పాతదంతా దొరుకుతుంది. నెల తిరిగేసరికి 140 మంది చేరారు.

సర్వర్ బిల్లు ఆ అబ్బాయి కార్డు మీదే పోయేది. ఎంతవుతుందని నేనూ గట్టిగా అడగలేదు. ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి కార్డుల ఆటో పేమెంట్ల మీద రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధన అమల్లోకి వచ్చింది. విదేశీ కంపెనీలకు నెలనెలా పోయే పేమెంట్లు చాలామందికి ఆగిపోయాయి, మాదీ ఆగింది. కంపెనీ పంపిన హెచ్చరికలు వాడు చూడని మెయిల్‌కి వెళ్లాయి. మూడు రోజులు సర్వర్ పడుకుంది. డబ్బు కట్టాక లేచింది గానీ, ఆ మూడు రోజులూ నాకు నిద్ర లేదు. 140 మంది టీచర్ల రాత మొత్తం ఒక్క కుర్రాడి కార్డు మీద వేలాడుతోందని అప్పుడు అర్థమైంది.

మొదట విరాళాలు అడిగాం. "మీకు తోచినంత" అని రాశాం. తొమ్మిది మంది పంపారు, 3,700 వచ్చింది. తోచినంత అంటే చాలామందికి ఏమీ తోచదని తెలిసింది. అది పిసినారితనం అనను. ఎంత ఇస్తే మర్యాదో తెలియక ఆగిపోయామని తర్వాత ఎంతోమంది చెప్పారు.

ఇక సర్వర్ కోసం ఒక సొసైటీ పెట్టుకుందామని 2022 ఏప్రిల్‌లో ఒక ఆదివారం బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో చిన్న గది తీసుకుని కూర్చున్నాం. 31 మంది వచ్చారు. సంవత్సరం ఖర్చు బోర్డు మీద రాశాను: సర్వర్ నెలకు 1,900 చొప్పున 22,800. బ్యాకప్ దాచే చోటుకి 4,800. డొమైన్ పేరుకి 800. ఆడిటర్‌కి 6,000. గది అద్దె, జిరాక్సులు, రసీదు పుస్తకాలు 3,600. మొత్తం 38,000. చందా ఏడాదికి 600, అంటే నెలకి 50 రూపాయలు పెట్టుకుంటే 64 మంది చాలు.

అంతకుముందు వారమే ఒక గైడ్ల పబ్లిషర్ మొత్తం ఖర్చు తామే భరిస్తామని కబురు పంపారు. గదుల పైన వాళ్ల పేరుంటే చాలట. ఆ మాట సభలో పెట్టగానే సగం మంది మొహాలు వెలిగాయి. సర్వర్ పెట్టిన అబ్బాయి లేచి రెండు సంగతులు చెప్పాడు. 1984లో శాన్ ఫ్రాన్సిస్కోలో టామ్ జెన్నింగ్స్ మొదలుపెట్టిన ఫిడోనెట్ అనే కంప్యూటర్ల నెట్‌వర్క్‌లో ఎవరి ఇంట్లో కంప్యూటర్ వాళ్లది, ఫోన్ బిల్లు వాళ్లది. రాత్రిపూట ఫోన్ రేట్లు తగ్గాక ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌కి డయల్ చేసి ఉత్తరాలు అందించేది. ఇంటర్నెట్ లేని ఇళ్లకి అలా ఊళ్లు దాటి చర్చలు చేరాయి. రెండోది, 1985లో కాలిఫోర్నియాలోనే మొదలైన ద వెల్ అనే ఆన్‌లైన్ చర్చావేదిక. నెలకి 8 డాలర్లు, వాడిన ప్రతి గంటకీ 2 డాలర్లు చందా. అది తర్వాత చేతులు మారి, 2012లో అమ్మకానికొస్తే పాత సభ్యులే కొందరు కలిసి 4 లక్షల డాలర్లు పెట్టి కొనుక్కున్నారు. "డబ్బు కడుతూ వచ్చినవాళ్లు కాబట్టే దాన్ని వదులుకోలేకపోయారు టీచర్" అన్నాడు.

పబ్లిషర్ డబ్బు వద్దని చేతులెత్తినవాళ్లు 22 మంది, కావాలన్నవాళ్లు ఆరుగురు. "సభ్యుల చందా తప్ప ఎవరి సొమ్మూ తీసుకోరాదు" అన్న వాక్యం మా బైలాస్‌లో, అంటే సొసైటీ నియమాల్లో, చేరింది ఆరోజే. ఎన్నిసార్లు చదువుకున్నా ఆ వాక్యం నాకు గర్వంగానే ఉంటుంది.

జీతం సరిగా రాని ప్రైవేటు స్కూలు టీచర్ల మాట కూడా అప్పుడే వచ్చింది. వాళ్లకి 100 పెట్టాం. రుజువులు అడగకూడదనీ, ఎవరు ఎంత కట్టారో కోశాధికారికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదనీ అనుకున్నాం. ఎక్కువ ఇవ్వగలిగినవాళ్లు 1,000 ఇవ్వచ్చు. ఎంత కట్టినా ఓటు ఒక్కటే. చదవడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు, రాయడానికే సభ్యత్వం.

రిజిస్ట్రేషన్ 2001 నాటి సొసైటీల చట్టం కింద చేయించాం. కనీసం ఏడుగురు ఉండాలి. ఆశయాలు, బైలాస్, ఏడుగురి ఆధార్ జిరాక్సులు, ఆఫీసు చిరునామాకి ఇంటి ఓనర్ ఒప్పుకోలు పత్రం కావాలి. చిరునామా నల్లకుంటలో మా ఇల్లే. మొదట పెట్టిన పేరు ప్రభుత్వ సంస్థలా వినిపిస్తోందని మార్చమన్నారు, మార్చాం. మూడుసార్లు తిరిగితే సర్టిఫికెట్ వచ్చింది. తర్వాత సొసైటీ పేరున పాన్, ఆ తర్వాత బ్యాంకు ఖాతా. జీఎస్టీ భయం కొందరికి పట్టుకుంది. మనలాంటి సేవలకి ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ అని ఆడిటర్ చెప్పాక ఊపిరి పీల్చుకున్నాం.

బ్యాంకులో ఒక చిక్కొచ్చింది. ఇద్దరి సంతకాలుంటేనే డబ్బు కదలాలని మేమే రాసుకున్నాం. ఇద్దరి సంతకాల ఖాతాకి డెబిట్ కార్డు ఇవ్వలేమన్నారు. సర్వర్ కంపెనీయేమో కార్డు తప్ప ఒప్పుకోదు. చివరికి కోశాధికారి మేడమ్ తన కార్డుతో కట్టడం, ఆ బిల్లు ప్రింట్ తీసి వోచర్‌కి పిన్ చేయడం, ఖాతా మీద సంతకాలు పెట్టే మేమిద్దరం కలిసి ఆమెకి చెక్కు ఇవ్వడం. నెలనెలా ఇదే. తేదీ తప్పకూడదని ఆమె ఇంట్లో గ్యాస్ స్టవ్ పైన కాలెండర్‌లో ఎర్రసిరాతో చుట్టి పెట్టుకున్నారు.

ఆమె లెక్కలు రాసే పొడుగు పుస్తకం గురించి చెప్పాలి. డబ్బు క్యూఆర్ కోడ్ మీదే వస్తుంది, కాబట్టి లెక్క సులువని నేను అనుకున్నాను. కానీ ఒక సార్ డబ్బు కొడుకు ఫోన్‌పే నుంచి వస్తుంది, ఒక మేడమ్‌ది ఆడపడుచు నంబర్ నుంచి వస్తుంది. స్టేట్‌మెంట్‌లో కనపడే పేరుకీ సభ్యుల జాబితాలో పేరుకీ సంబంధం ఉండదు. మొదటి నెలలో 11 పేమెంట్లు ఎవరివో తెలియలేదు. ఆమె ప్రతి వరసలో తేదీ, మొత్తం, 12 అంకెల రిఫరెన్స్ నంబర్, పక్కన ఖాళీ గడి గీసుకున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "మీరు పంపినదాని చివరి నాలుగంకెలు చదవండి సార్" అని అడిగి, సరిపోయాక ఆ గడిలో పేరు రాసేవారు. అది రాశాకే కార్బన్ పెట్టి రసీదు చింపేవారు. ఆ రసీదు ఫొటో అందుకున్నవాళ్లు సర్వర్‌లో ఎక్కువ రాయడం మొదలుపెట్టారు, ఇది నేను కళ్లారా చూసిన మార్పు. ఖమ్మం టీచర్ ఒకామె అంతకుముందు ఒక్క ముక్క రాయలేదు. కట్టిన వారానికి విద్యుదయస్కాంతం మీద తను బడిలో చేయించిన ప్రయోగాలు తొమ్మిది పెట్టారు.

ఆ ఏడాది 72 మంది కట్టారు. 600 వాళ్లు 53, 100 వాళ్లు 14, 1,000 వాళ్లు ఐదుగురు. మొత్తం 38,200. ఖర్చు పోను 200 మిగిలింది. ఆ లెక్క పైసలతో సహా అందరికీ కనపడేలా పెట్టాం.

ఇబ్బందులు రాకపోలేదు. మొదట్లో అన్ని గదులకీ ఎన్‌క్రిప్షన్ వేశాం, అంటే గదిలో ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ చదవలేని తాళం. ఫోన్ మార్చి, రికవరీ కీ పోగొట్టుకున్నవాళ్లకి పాత మెసేజులు తెరుచుకోలేదు. ఒకసారి వేస్తే ఆ గదికి తీయడం కుదరదు. పాఠాల గదులన్నీ కొత్తగా తెరవాల్సి వచ్చింది. పిల్లల సంగతులు, మా జీతాల సంగతులు మాట్లాడుకునే చోట మాత్రం అలాగే ఉంచాం. ఇంకోసారి, 2023 మార్చిలో, పదో తరగతి పరీక్షల ముందు అందరూ వీడియోలు ఎక్కించేసరికి డిస్క్ నిండిపోయి డేటాబేస్ ఆగింది. రాత్రి 11 నుంచి రెండింటి దాకా ఆ సర్వర్ అబ్బాయి, నేను ఫోన్‌లోనే ఉన్నాం. వాడు పాత వీడియోలు పక్కకి తీస్తుంటే, ఏవి ఎవరివో నేను చెబుతూ వచ్చాను. ఒక్క కిరణచిత్రం కూడా పోలేదు. మర్నాటి నుంచి ఫైలుకి 10 ఎంబీ పరిమితి పెట్టాం.

అసలు కష్టం రెండో ఏడాది వచ్చింది. బడులు తెరిచే జూన్ 12ని గడువుగా పెట్టుకున్నాం, గుర్తుంటుందని. ఆ తేదీకి 72 మందిలో 23 మందే కట్టారు. నాకు గుండె జారిపోయింది, ఎవరికీ మా సర్వర్ అక్కర్లేదేమో అనిపించింది. కోశాధికారి మేడమ్ మాత్రం మిగతా 49 మందికీ ఫోన్ చేశారు. "వద్దు" అన్నది ముగ్గురే. చాలామంది చెప్పిన సంగతి ఒకటే: జూన్‌లో సొంత పిల్లల ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంలు. జేబు ఖాళీ. గుర్తులేక కాదు, ఆ నెలలో 600 కూడా బరువే. ఇరవై ఎనిమిదేళ్లు జూన్ నెల టీచరుగా గడిపిన నాకు ఇది తట్టకపోవడం ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఫోన్ల తర్వాత 38 మంది కట్టారు, మొత్తం 61 అయింది. గడువు సెప్టెంబర్ 5కి మార్చాం. టీచర్స్ డే, అప్పటికి జీతం కూడా పడి ఉంటుంది. మధ్యలో మూడు నెలలు ఎవరి దగ్గరా తీసుకోలేదు. తగ్గిన మొత్తాన్ని సుందరయ్యలో గది బదులు మా ఇంటి డాబా మీద మీటింగులు పెట్టి, బ్యాకప్ చౌకైన చోటుకి మార్చి సర్దుకున్నాం. 2024 సెప్టెంబర్ 5 నాటికి ఫోన్ చేయకుండానే 58 మంది కట్టేశారు.

ఇప్పుడు సర్వర్ పాస్‌వర్డులు ముగ్గురి దగ్గర ఉన్నాయి. సైదాబాద్ లెక్కల సార్ 54 ఏళ్ల వయసులో సర్వర్లను నడిపే లైనక్స్ నేర్చుకున్నారు. మూడు నెలలకోసారి ఆయన బ్యాకప్‌ని తన పాత కంప్యూటర్‌లో తిరిగి తెరిచి, నల్గొండ సార్ దర్పణం బొమ్మ కనపడుతోందో లేదో చూస్తారు. కనపడితే దాని స్క్రీన్‌షాట్ గదిలో పెడతారు. ఆ బొమ్మ అక్కడ పడిందంటే అంతా క్షేమమని మాకు గుర్తు.

పోయిన సర్వసభ్య సమావేశంలో కోశాధికారి మారారు. పాత మేడమ్ పొడుగు పుస్తకాన్ని కొత్తవారి ముందు తెరిచి, ఖాళీ గడులు చూపించి, ఇంకా పేరు తెలియని పేమెంట్లు రెండే ఉన్నాయని చెప్పారు. ఒకటి 600, ఒకటి 100. వాటి రిఫరెన్స్ నంబర్ల కింద ఎర్రసిరాతో గీత గీసి ఇచ్చారు.