తాతయ్య ఫోటో పక్కన ముత్యం కమ్మ పిల్ల

మా పాపకి పదేళ్లు, పుట్టింది నెదర్లాండ్స్‌లోనే. పోయినేడాది స్కూలు వాళ్లతో హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియానికి వెళ్లి, డచ్చి చిత్రకారుడు వెర్మేర్ గీసిన ముత్యం కమ్మ పిల్ల పోస్టరు కొనుక్కొచ్చింది. తన గదికేమో అనుకున్నాను. కాదట, హాల్లోనే ఉండాలట. హాల్లో ఖాళీగా ఉన్నది మా మామగారి ఫోటో పక్క గోడ ఒక్కటే.

నాకు మనసొప్పలేదు. ఊరూ పేరూ తెలియని పిల్లని పెద్దాయన పక్కన పెట్టడమేంటి? "ఇంట్లో అన్నీ మీ ఇండియావే, నాదొక్కటీ లేదు" అంది. వెంకన్న క్యాలెండరు, కొండపల్లి బొమ్మలు, కలంకారీ గుడ్డ... నిజమే, అన్నీ మేం పెట్టుకున్నవే. మేకు కొట్టక తప్పలేదు.

తర్వాత బందరు నుంచి మా అత్తగారొచ్చారు. రాగానే "ఎవరే ఈ పిల్ల? బొట్టయినా లేదు" అన్నారు. డచ్చివాళ్ల బొమ్మ అంటే, "ఓ, వలందావాళ్లా! మా ఊళ్లో వలందపాలెం ఉందిగా, వాళ్ల గోరీలు కూడా ఉన్నాయి" అని పాపకి చెప్పడం మొదలెట్టారు. బట్టల వ్యాపారం కోసం వాళ్లు 17వ శతాబ్దం మొదట్లోనే బందరులో దిగారు. ఈ బొమ్మ సుమారు 1665 నాటిది. పాప ఒకటే ఆశ్చర్యపోయింది.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని దగ్గరికెళ్లి చూశారు. "కొక్కెం ఏదే? చెవికి తగల్లేదు. అయినా అంత ముత్యం ఎక్కడుంటుంది, గాజుదయ్యుంటుంది." మ్యూజియంలో గైడూ కొక్కెం లేదనే చెప్పిందట, ముత్యమంటే రెండు మూడు రంగు మచ్చలేనట. గాజుదేమోనని కొందరు నిపుణులకీ అనుమానమే. ఆ పిల్ల ఎవరో కూడా తెలీదు. అసలు ఇది ఫలానా మనిషిదని గీసిన చిత్తరువు కాదనీ, ట్రోనీ అనే ఊహా ముఖచిత్రమనీ పాప వివరించింది. 1881లో హేగ్ వేలంలో రెండు గిల్డర్లకి, అంటే అప్పటి డచ్చి డబ్బులకి, పోయిందంటే, "అగ్గువే" అన్నారావిడ.

నాకు నచ్చింది వెనకున్న నలుపు. ఒకప్పుడది ఆకుపచ్చ తెరట, రంగు మారిపోయిందని 2018లో చేసిన పరీక్షల్లో తేలింది.

మామగారి తద్దినం నాడు ఫోటోకి దండ వేస్తుంటే, పాప ఇంకో దండ తెచ్చి ఆ పిల్లకి వెయ్యబోయింది.

"తప్పే! బతికున్నవాళ్లకి దండేంటి?"

"చనిపోయి మూడొందలేళ్లు దాటింది నానమ్మా."

ఆవిడ కాసేపు ఆ మొహంలోకి చూసి, "ఏమో, నాకలా అనిపించట్లేదు" అని దండ తీసుకుని దేవుడి గదిలోకి వెళ్లిపోయారు.