వరి ఆకు కంట్లో కోస్తే

కోతల్లో వంగి పనిచేస్తుంటే ఆకు కొస కంట్లో కొడుతుంది. కోత మిషన్ పక్కన నిలబడితే పొట్టు ఎగిరొచ్చి పడుతుంది. రోడ్డు మీద వడ్లు ఆరబోసిన చోట బండి మీద పోతుంటే ఊక నేరుగా కంట్లోకి వస్తుంది. చెరకు తోటలో ఆకు అంచు, ఇంట్లో చంటిపిల్లల గోరు కూడా ఇదే పని చేస్తాయి. వీటన్నిటివల్లా ఎక్కువగా జరిగేది ఒకటే: నల్లగుడ్డు మీద గీత పడుతుంది. డాక్టర్లు దీన్నే కార్నియల్ అబ్రేషన్ అంటారు.

దెబ్బ చిన్నదే. సరిగ్గా చూసుకుంటే చాలావరకు రెండు మూడు రోజుల్లో మానిపోతుంది. అయినా ఇలాంటి గీతతోనే మొదలై, కంట్లో పువ్వు వేసి చూపు పోగొట్టుకున్నవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళలో చాలామందికి నష్టం చేసింది ఆకు కంటే ఎక్కువగా ఆ తర్వాత కంట్లో వేసిన మందు. అందుకే ఆ మొదటి మూడు రోజుల గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

నల్లగుడ్డుకు ముందు గడియారం అద్దంలా పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. అదే కార్నియా. దాని మందం మధ్యలో అర మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ. అందులో పైపొర పదో వంతు మాత్రమే, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. రక్తనాళాలు ఒక్కటీ లేవు గానీ, నొప్పి తెలిపే నరాల కొసలు మాత్రం ఒంట్లో మరెక్కడా లేనంత దట్టంగా ఈ పైపొరలోకి వచ్చి ఆగుతాయి. పైపొర చిరగగానే ఆ కొసలు బయటపడతాయి. రెప్ప వేసిన ప్రతిసారీ వాటి మీద రాసుకుంటుంది. కాబట్టి రెండు మిల్లీమీటర్ల గీతకే మనిషి కన్ను తెరవలేడు. నీళ్ళు ధారగా కారతాయి, వెలుతురు చూడలేడు, లోపల ఇంకా ఏదో ఉన్నట్టే అనిపిస్తుంది. నలుసు ఎప్పుడో వెళ్ళిపోయినా గీత వల్లే అలా అనిపిస్తుంది. ఉందనుకుని వెతుకుతూ పోతే గీత ఇంకా పెద్దదవుతుంది.

మానడం కూడా అంత వేగంగానే మొదలవుతుంది. గీత చుట్టూ ఉన్న కణాలు కొన్ని గంటల్లోనే జరుగుతూ వచ్చి ఖాళీని కప్పేస్తాయి. పైపొర వరకే చిరిగితే మచ్చ కూడా మిగలదు. దాని కింది పొర దాకా దిగితేనే మచ్చ పడుతుంది. పువ్వు అని మనం అనేది ఆ తెల్ల మచ్చనే.

దెబ్బ తగలగానే కన్ను నలపకూడదు. చెప్పడం తేలికే, చెయ్యి ఆపుకోవడమే కష్టం. పిల్లలైతే చేతులు పట్టుకోవాల్సిందే. ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తర్వాత కాచి చల్లార్చిన నీళ్ళు గానీ, సీసాలో కొన్న తాగే నీళ్ళు గానీ కంటి లోపలి మూల నుంచి బయటి మూలకు సన్నగా పోయాలి, ఆ మధ్యలో రెప్పలు ఆర్పుతూ ఉండాలి. అర లీటరు నుంచి లీటరు దాకా పోయొచ్చు. కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసేసి, పూర్తిగా మానేదాకా మళ్ళీ పెట్టకూడదు. బోరు దగ్గర, కాలువ దగ్గర నీళ్ళు కంట్లో కొట్టుకోవడం మంచిది కాదు. మట్టి, సూక్ష్మజీవులు నేరుగా తెరిచి ఉన్న గీత మీదికి వెళ్తాయి.

కడిగినా గుచ్చుకుంటూనే ఉంటే నలుసు పై రెప్ప కింద ఇరుక్కుని ఉండవచ్చు. పై రెప్పను వెంట్రుకలు పట్టి ముందుకు లాగి, కింది రెప్ప మీదుగా కిందికి దించి వదలాలి. కింది రెప్ప వెంట్రుకలు పై రెప్ప లోపలివైపును తుడిచినట్టు అవుతుంది. ఒకటి రెండుసార్లు చేసి రాకపోతే ఆపేయాలి. చీర కొంగు, రుమాలు మొన, అగ్గిపుల్ల, నాలుకతో తీయడం ఏవీ వద్దు. ఆసుపత్రిలో పై రెప్పను తిరగేసి తడి బడ్‌తో ఒక్క తుడుపుతో తీసేస్తారు. రెప్ప కింద నలుసు ఉన్నట్టు వాళ్ళకు ముందే తెలుస్తుంది, ఎందుకంటే రెప్ప ఆడినప్పుడల్లా అది పైనుంచి కిందికి గీరుతుంది కాబట్టి నల్లగుడ్డు మీద నిలువు గీతలు వరసగా కనిపిస్తాయి.

రెండు సందర్భాల్లో మాత్రం పద్ధతి వేరు. సున్నం, పురుగుమందు, యాసిడ్ లాంటివి పడితే కంటి డాక్టర్ కోసం ఆగకూడదు. ఏ నీళ్ళు దొరికితే ఆ నీళ్ళతో అక్కడికక్కడే అరగంట కడిగి అప్పుడు బయల్దేరాలి. సున్నం ముక్కలు రెప్పల మడతల్లో ఉండిపోతాయి, వాటిని కూడా కడిగేయాలి. ఇనుము మీద ఇనుము కొడుతున్నప్పుడు ఏదైనా ఎగిరి తగిలినా, కంటిపాప గుండ్రంగా కాకుండా సాగినట్టు కనిపించినా, కంట్లోంచి వేడిగా నీరు బయటికి వచ్చినట్టు అనిపించినా అది గీత కాదు, కన్ను గుచ్చుకుపోయి ఉండవచ్చు. అప్పుడు కడగకూడదు, నొక్కకూడదు, దూది పెట్టి కట్టకూడదు. కాగితపు కప్పు అడుగు భాగం కంటికి తగలకుండా కంటి చుట్టూ ఎముక మీద ఆనేట్టు పెట్టి, అంటించి తీసుకెళ్ళాలి.

కంటి ఆసుపత్రిలో ముందు చూపు పరీక్ష చేస్తారు. నొప్పితో ఉన్నప్పుడు అక్షరాలు చదవమంటారేంటని విసుక్కోవద్దు. చూపు ఎంత ఉందో ఆ రోజు రాసి పెడితేనే రేపు తగ్గిందో పెరిగిందో తెలుస్తుంది. తర్వాత ఒక నొప్పి తెలియని చుక్క వేసి, ఫ్లోరెసిన్ అనే నారింజ రంగు కాగితపు పట్టీని తడిపి కింది రెప్ప లోపల తాకిస్తారు. నీలం లైటు వేస్తే పైపొర లేని చోట మాత్రమే ఆకుపచ్చగా మెరుస్తుంది. స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోపులో ఆ పచ్చ మచ్చ పొడవు వెడల్పులు కొలుస్తారు, లోతు చూస్తారు, చుట్టూ తెల్లదనం ఏమైనా ఉందా చూస్తారు. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. అద్దం, లైటు లేకుండా టార్చి వేసి చూసి మందు రాసిచ్చేచోట ఇది జరగదు.

ఆ నొప్పి తెలియని చుక్క వేయగానే రోగికి ప్రాణం లేచొస్తుంది. ఆ సీసానే ఇంటికి ఇమ్మని అడుగుతారు. ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. పదేపదే వేసుకుంటే కణాలు జరిగి గీతను కప్పడం ఆగిపోతుంది, నొప్పి తెలియక కన్ను నలుపుకుంటారు, చివరికి కార్నియా కరిగిపోయే దాకా వెళ్తుంది. నొప్పికి పారాసిటమాల్ మాత్రలు వాడుకోవచ్చు. కంటిపాప పెద్దదయ్యే హోమాట్రోపిన్ లాంటి చుక్క కూడా కొన్నిసార్లు వేస్తారు. లోపలి కండరం బిగుసుకోవడం వల్ల వచ్చే నొప్పి దానితో తగ్గుతుంది. ఒకటి రెండు రోజులు దగ్గరి చూపు మసకగా ఉంటుంది, వెలుతురు ఇబ్బంది పెడుతుంది కాబట్టి బండి నడపకూడదు.

గీతకు అసలు మందు యాంటీబయాటిక్. మాక్సిఫ్లాక్సాసిన్ 0.5 శాతం చుక్కలు గానీ, క్లోరాంఫెనికాల్ 1 శాతం ఆయింట్‌మెంట్ గానీ, రోజుకు మూడు నాలుగుసార్లు. లెన్స్ వాడేవాళ్ళకు చుక్కలే సరైనవి, ఎందుకంటే వాళ్ళకు వచ్చే సూడోమోనాస్ క్రిమి మీద క్లోరాంఫెనికాల్ పనిచేయదు. రక్తకణాలు తగ్గిపోయే జబ్బు ఇంట్లో ఎవరికైనా ఉంటే ముందే చెప్పాలి, అలాంటివాళ్ళకు క్లోరాంఫెనికాల్ ఇవ్వరు.

త్వరగా మొదలుపెట్టడం ఎంత ముఖ్యమో నేపాల్‌లోని భక్తపూర్‌లో జరిగిన అధ్యయనం చూపించింది. 2001లో అచ్చయింది. గీత పడ్డవాళ్ళకు 1 శాతం క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ రోజుకు మూడుసార్లు, మూడు రోజులు పెట్టారు. 442 మందిలో 96 శాతం మందికి ఇన్‌ఫెక్షన్ లేకుండా మానింది. 18 గంటల్లోపు మొదలుపెట్టిన 284 మందిలో ఒక్కరికి కూడా పుండు కాలేదు. ఖరీదైన మందు కాదు, పెద్ద ఆసుపత్రీ కాదు. ఊళ్ళోనే ఉండే కార్యకర్తలు గుర్తించి పంపితే, దగ్గర్లోని కంటి కేంద్రాల్లో చేసిన పని ఇది. మన దగ్గర సాయంత్రం పొలం నుంచి వచ్చి, రాత్రి ఓర్చుకుని, మర్నాడు కోత పూర్తిచేసి మూడో రోజు బయల్దేరేవాళ్ళను చూస్తే ఈ 18 గంటల సంగతి ప్రతి ఊళ్ళో చెప్పాలనిపిస్తుంది.

చుక్క వేసే పద్ధతిలో కూడా పొరపాట్లు జరుగుతాయి. కింది రెప్పను కిందికి లాగి, ఆ సంచిలో ఒక్క చుక్క వేసి, రెప్ప మూసి, ముక్కు పక్కన కంటి మూలను ఒకటి రెండు నిమిషాలు వేలితో నొక్కాలి. కంట్లో ఒక చుక్కకు మించి పట్టదు, రెండోది చెంప మీదికే పోతుంది. రెండు రకాల మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. ముందు చుక్కలు, తర్వాత ఆయింట్‌మెంట్. ఆయింట్‌మెంట్ అర సెంటీమీటరు చాలు. ట్యూబు మొన, సీసా మొన రెప్పకు గానీ వెంట్రుకలకు గానీ తగలకూడదు. మూత తీసిన సీసాను నెల దాటితే పారేయాలి. పోయినేడాది ఇంట్లో మిగిలిన సీసా మాట చెప్పనే అక్కర్లేదు.

కన్ను మూసి కట్టు కట్టడం పాత అలవాటు. కట్టు వల్ల త్వరగా మానదని, నొప్పి కూడా తగ్గదని పరీక్షల్లో తేలింది. ఆకు, పొట్టు, మట్టి తగిలిన కంటికైతే కట్టు హాని కూడా చేస్తుంది, లోపలి వెచ్చదనంలో క్రిములు పెరుగుతాయి. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటే చాలు.

ఇక స్టెరాయిడ్ చుక్కలు. మెడికల్ షాపుకు వెళ్ళి కన్ను ఎర్రగా ఉందని చెబితే యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు తీసి ఇచ్చేవాళ్ళున్నారు. వేసిన కొన్ని గంటల్లో ఎరుపు తగ్గుతుంది, మంట తగ్గుతుంది, మందు బాగా పనిచేసిందనుకుంటాం. స్టెరాయిడ్ చేసేదల్లా కంటి రక్షణను అణచడం. వరి ఆకు మీద, పొట్టులో ఉండే ఫుసేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే బూజులు గీతలోంచి లోపలికి దిగి ఉంటే, వాటిని ఆపేవాడు లేక లోతుగా పాకుతాయి. కంటి డాక్టర్లు స్టెరాయిడ్ రాసే సందర్భాలు వేరే ఉన్నాయి, కొత్తగా ఆకు తగిలిన కన్ను అందులో లేదు. సీసా మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్, ఫ్లోరోమెథొలోన్, లోటెప్రెడ్నాల్ అనే పేర్లలో ఏదున్నా వెనక్కి ఇచ్చేయండి. మందు పేరు చివర ‘డి’ గానీ ‘డెక్స్’ గానీ ఉంటే పట్టి పట్టి చదవండి.

తల్లిపాలు, ఆముదం, నందివర్ధనం పూల రసం కూడా గీత మీద వేయకూడదు. ఇవన్నీ పెద్దవాళ్ళు ప్రేమతో చెప్పేవే. తెగని చర్మానికి ఏమీ కాకపోవచ్చు గానీ తెరిచి ఉన్న కార్నియాకు శుభ్రం కాని ఏ ద్రవమైనా ప్రమాదమే.

మర్నాడు మళ్ళీ చూపించుకోవడం మానొద్దు. 24 గంటలకు నొప్పి సగానికైనా తగ్గాలి. తగ్గకుండా పెరుగుతున్నా, నల్లగుడ్డు మీద తెల్ల చుక్క కనిపిస్తున్నా, చూపు మసకబారుతున్నా, పుసి చిక్కగా వస్తున్నా అదే రోజు వెళ్ళాలి. బూజు ఇన్‌ఫెక్షన్ కొన్నిసార్లు వారం, పది రోజుల తర్వాత బయటపడుతుంది, నొప్పి మొదట్లో తక్కువగానే ఉండవచ్చు. అంచులు ఈకల్లా చీలిన బూడిదరంగు తెలుపు మచ్చ దాని గుర్తు. కొద్దిగా గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి మైక్రోస్కోపులో చూస్తే బూజు దారాలు కనిపిస్తాయి. నాటమైసిన్ 5 శాతం చుక్కలు మొదట గంటకొకసారి, తర్వాత తగ్గిస్తూ వారాల తరబడి వాడాలి. వేసే ముందు సీసా బాగా ఊపాలి, మందు అడుగుకు దిగిపోతుంది. కొత్త మందు వొరికొనజోల్ ఖరీదెక్కువ కాబట్టి మెరుగని అనుకుంటారు. దక్షిణ భారతంలోని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో జరిపి 2013లో ప్రచురించిన పరీక్షలో నాటమైసిన్‌తోనే ఫలితం బాగా వచ్చింది, ముఖ్యంగా ఫుసేరియం ఉన్నవాళ్ళకు. ఈ దశలో హైదరాబాద్ మెహదీపట్నంలోని సరోజినీ దేవి, విశాఖలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రి, ఎల్.వి. ప్రసాద్ సంస్థ లాంటి కార్నియా డాక్టర్లున్న చోటికే వెళ్ళాలి. మొదటి పరీక్షకు మాత్రం దగ్గర్లోని విజన్ సెంటర్ (ప్రాథమిక కంటి పరీక్షలు చేసే చిన్న కేంద్రం) గానీ, ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగం గానీ సరిపోతుంది.

నివారణకు పెద్ద ఖర్చు లేదు. పక్కలు మూసి ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ గాగుల్స్ కోతకు, నూర్పిడికి, ఎండుగడ్డి మోసేటప్పుడు చాలు. చెమటకు మసకబారుతుంటే పైన గాలి రంధ్రాలున్నవి తీసుకోవాలి. మబ్బు పట్టిన అద్దాలను ఎవరూ అరగంట కూడా ఉంచుకోరు. వడ్లు ఆరబోసిన రోడ్ల మీద హెల్మెట్ అద్దం దించుకోవాలి. చంటిపిల్లల గోళ్ళు కత్తిరించడం తల్లి కంటిని కూడా కాపాడుతుంది.

నొప్పి పోయాక ఒక సంగతి మిగిలి ఉంటుంది. పైపొర రెండు మూడు రోజుల్లో గీతను కప్పేసినా కిందిపొరకు గట్టిగా అతుక్కోవడానికి మూడు నెలల దాకా పట్టొచ్చు. గోరు, ఆకు, కాగితం అంచు చేసిన గీతల్లో ఇది ఎక్కువ. నిద్రలో కన్ను ఎండి రెప్ప ఆ పొరకు అంటుకుంటుంది. తెల్లవారుజామున చటుక్కున కన్ను తెరిస్తే పొర ఊడి, మొదటి రోజు నొప్పే మళ్ళీ వస్తుంది. కొత్తగా ఏదో పడిందనుకుని వెతకడం మొదలుపెడతారు. మందు లేని లూబ్రికెంట్ ఆయింట్‌మెంట్, లేదా 5 శాతం సోడియం క్లోరైడ్ ఆయింట్‌మెంట్ పడుకునేముందు రెండు మూడు నెలలు పెట్టుకుంటే చాలామందికి ఆగుతుంది. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగలకుండా పడుకోవాలి. మెలకువ రాగానే రెప్పలు మూసే ఉంచి, కళ్ళను లోపలే అటూ ఇటూ తిప్పి, తడి చేరాక నెమ్మదిగా తెరవాలి. అయినా పదేపదే వస్తుంటే ఊడిన పొరను తీసేసి కొన్నాళ్ళు మెత్తని బ్యాండేజ్ లెన్స్ పెడతారు, అప్పటికీ కుదరకపోతే పైపైన లేజర్ చేస్తారు.