కేటగిరీ తగ్గితే తుపాను తగ్గినట్టేనా? మిల్టన్ హరికేన్ లెక్క

2024 అక్టోబరు 7న మెక్సికో సింధుశాఖలో మిల్టన్ హరికేన్ ఒక్క రోజులో ఒకటో కేటగిరీ నుంచి ఐదుకు ఎగబాకింది. కేటగిరీ అంటే గరిష్ఠ గాలి వేగాన్ని బట్టి ఒకటి నుంచి ఐదు దాకా ఇచ్చే అంకె. గాలి గంటకు 180 మైళ్లు, కేంద్రంలో పీడనం 900 మిల్లీబార్ల కంటే దిగువకు. 8వ తేదీ తెల్లారేసరికి నాలుగో కేటగిరీకి దిగింది. ఆ అంకె ఒక్కటే చూసినవాళ్లు హమ్మయ్య అనుకుని ఉంటారు. లోపల జరుగుతున్నది వేరు. కన్ను, అంటే తుపాను నడిమధ్యనున్న ప్రశాంత భాగం, చుట్టూ ఉన్న చిన్న మేఘాల గోడ కూలిపోతోంది, దాని బయట ఇంకో పెద్ద గోడ లేస్తోంది. సాయంత్రానికి మళ్లీ ఐదో కేటగిరీ.

కాబట్టి ట్రాక్ గీత కంటే ముందు కంటిగోడ సంగతి చూడాలి.

కంటిగోడ అంటే కన్నును చుట్టుకుని నిలబడే ఉరుము మేఘాల వలయం. అత్యధిక గాలి ఉండేది అక్కడే. మిల్టన్ ఉధృతి మీదున్నప్పుడు కన్ను వ్యాసం ఆరేడు కిలోమీటర్లే. దీన్ని పిన్‌హోల్ కన్ను అంటారు. ఇంత చిన్న కన్ను ఎక్కువసేపు నిలవదు. బయట వాన పట్టీలు చుట్టుకుని రెండో వలయం కడతాయి. లోపలి గోడకు చేరాల్సిన తేమగాలిని ఆ వలయం దారిలోనే మింగేస్తుంది. తిండి అందక లోపలి గోడ సన్నగిల్లుతుంది, గరిష్ఠ గాలి పడిపోతుంది, కేటగిరీ దిగుతుంది. కానీ బలమైన గాలి వీచే ప్రాంతం విశాలమవుతుంది. ఉప్పెనకు కావలసింది ఆ వైశాల్యమే. మిల్టన్ తీరం చేరేలోపు గాలి విస్తీర్ణం సుమారు రెట్టింపవుతుందని అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం ముందే రాసింది. అంకె దిగుతుంటే ముప్పు వెడల్పవుతుందన్నమాట.

ఈ మార్పు మామూలు ఉపగ్రహ చిత్రంలో ఆలస్యంగా కనిపిస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ చిత్రం చూపేది మేఘాల నెత్తి మాత్రమే. పైన మబ్బు దుప్పటి చెక్కుచెదరకుండా ఉంటే, కింద రెండు గోడలున్నా ఒక్కటే అనిపిస్తుంది. లోపలికి చూడాలంటే మైక్రోవేవ్ చిత్రాలే దిక్కు. 89 గిగాహెర్ట్జ్ చిత్రం గోడ పైభాగంలో మంచు ఎక్కడుందో చెబుతుంది, 37 గిగాహెర్ట్జ్ చిత్రం కింది భాగంలో వానను చూపుతుంది. 37లో కేంద్రం చుట్టూ తెగని వలయం కనిపిస్తే వేగంగా బలపడబోతోందని అనుమానించాలి. 89లో ఒక వలయం, మధ్యలో ఖాళీ పట్టీ, దాని బయట ఇంకో వలయం ఉంటే గోడ మార్పిడి మొదలైనట్టే. ఇబ్బంది ఒక్కటే: ఈ పరికరాలున్న ఉపగ్రహాలు తుపాను మీదుగా వెళ్లేది రోజుకు కొన్నిసార్లు. మధ్యలో గంటల తరబడి ఏమీ ఉండదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వారి మిమిక్ యానిమేషన్ ఆ ఖాళీలను పూరిస్తుంది కానీ అందులో చాలా ఫ్రేములు రెండు అసలు చిత్రాల మధ్య అల్లినవి. అసలు చిత్రం ఎప్పటిదో చూడకుండా దాన్ని నమ్మకూడదు.

అట్లాంటిక్ వైపు తుపానులను గమనించేవాళ్లకు మనకు లేని భోగం ఒకటుంది: విమానాలు. బంగాళాఖాతం తుపానుల్లోకి ఇలా ఎప్పటికప్పుడు ఎవరూ ఎగరరు, బలాన్ని ఎక్కువగా మేఘాల ఆకారం బట్టే కడతారు. అక్కడ మిసిసిపీలోని కీస్లర్ స్థావరం నుంచి వైమానిక దళం వారి డబ్ల్యూసీ-130జె విమానాలు, ఫ్లోరిడాలోని లేక్‌ల్యాండ్ నుంచి నోవా (అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) వారి పీ-3 విమానాలు నేరుగా కన్నులోకి పోతాయి. వాటి సమాచారం దాదాపు వెంటనే అందరికీ అందుతుంది.

విమానం కన్ను దాటిన ప్రతిసారీ పంపే కొలతల సారాంశం, వోర్టెక్స్ సందేశం, చదవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. కన్ను ఆకారం దగ్గర ‘సి14’ అని ఉంటే గుండ్రని కన్ను, వ్యాసం 14 నాటికల్ మైళ్లు (నాటికల్ మైలు సుమారు 1.85 కిలోమీటర్లు). ‘సిఓ10-25’ అంటే ఒకదానిలో ఒకటి రెండు గోడలు, లోపలిది 10, బయటిది 25. గోడ మార్పిడికి ఇంతకంటే సూటి సాక్ష్యం దొరకదు. గోడ ‘క్లోజ్డ్’ అని ఉందా, ‘ఓపెన్ ఎస్‌డబ్ల్యూ’ అని ఉందా చూడండి. రెండోదైతే నైరుతి పక్క గోడ తెగింది. పొడిగాలి చొరబడుతుండవచ్చు, లేదా పై గాలులు తుపానును నరుకుతుండవచ్చు.

కేంద్ర పీడనాన్ని విమానం నుంచి జారవిడిచే డ్రాప్‌సోండ్ అనే చిన్న పరికరం కొలుస్తుంది. అది సరిగ్గా నడిమధ్యలో పడటం అరుదు. నీటిని తాకేచోట గాలి ఎంతుందో చూసి, ప్రతి 10 నాట్లకు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) 1 మిల్లీబారు తీసేయాలి. 980 మిల్లీబార్లు, 20 నాట్ల గాలి అని వస్తే అసలు పీడనం దాదాపు 978. విమానం ఎత్తులో కొలిచిన గాలిని సముద్ర మట్టం గాలి అనుకోవడం కొత్తవాళ్లు చేసే ఇంకో తప్పు. సుమారు 10,000 అడుగుల ఎత్తులో, అంటే 700 మిల్లీబార్ల దగ్గర, కంటిగోడలో కొలిచిన గాలిలో 90 శాతం కిందికి లెక్క కట్టాలి. పైన 150 నాట్లు ఉంటే కింద 135. ఐదో కేటగిరీకి 137 కావాలి. ఈ రెండు నాట్ల తేడా మీదే ఎంత వాదన జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

విమానం నుంచి ప్రతి 30 సెకన్లకొక వరుస చొప్పున వచ్చే సమాచారంలో చివరి రెండంకెలు 00 కాకపోతే ఆ వరుసను అనుమానించండి. జోరువానలో పరికరం తికమకపడి గాలిని ఎక్కువ చూపడం మామూలే.

ఈ పొడి అంకెల మధ్య అప్పుడప్పుడు మనిషి కనిపిస్తాడు. అక్టోబరు 8న మిల్టన్ కన్నులోంచి వచ్చిన ఒక సందేశం చివర పీటర్ డాడ్జ్ పేరు, 1950-2023 అన్న ఏళ్లు, ‘387వ పెన్నీ’ అన్న మాట ఉన్నాయి. ఆయన హరికేన్ రాడార్ శాస్త్రవేత్త. పెన్నీ అంటే కన్నులోకి చొచ్చుకుపోవడానికి ఈ రంగంలో వాళ్ల ముద్దుపేరు. సహోద్యోగులు ఆయన అస్థికలను ఆ కన్నులో కలిపారు.

ఇక దారి. కన్ను గీత గీసినట్టు నడవదు, బొంగరంలా తూలుతూ పోతుంది. 15 నాట్ల వేగంతో పోతున్న తుపాను ఓ గంటలో 6 నాటికల్ మైళ్లు, అంటే డిగ్రీలో పదో వంతు, పక్కకు తూలిందనుకోండి. ఆ రెండు బిందువులు కలిపితే దిశ దాదాపు 22 డిగ్రీలు మారినట్టు కనిపిస్తుంది. అదే తూలును ఆరు గంటల దూరం మీద, అంటే 90 నాటికల్ మైళ్ల మీద చూస్తే తేడా 4 డిగ్రీలకు మించదు. కాబట్టి కనీసం మూడు గంటలు, వీలైతే ఆరు గంటల సగటు తీసుకోవాలి. గోడ మార్పిడి జరుగుతుంటే ఇంకా ఓపిక పట్టాలి. పాత కన్ను పోయి కొత్త కన్ను కుదురుకునేటప్పుడు కేంద్రం గెంతినట్టు అనిపిస్తుంది.

రకరకాల కంప్యూటర్ మోడళ్లు చెప్పే దారులన్నీ ఒకే మ్యాపు మీద గీసిన స్పఘెట్టి చిత్రంలో కనిపించే గీతలన్నీ ఓట్లు కావు. ‘ఎక్స్‌టీఆర్‌పీ’ అనేది మోడలే కాదు, ఇప్పుడున్న దిశను ముందుకు సాగదీసిన గీత. ‘క్లిపర్’ పాత తుపానుల తీరును, ఇప్పటి కదలికను బట్టి కట్టిన లెక్క. ఇవి కొలబద్దలు, అంచనాలు కావు, ముందు వాటిని తీసేయండి. అమెరికా వాతావరణ మోడల్ జీఎఫ్‌ఎస్ లెక్కకు వాడే గడి సుమారు 13 కిలోమీటర్లు. ఏడు కిలోమీటర్ల కన్ను దానికెలా కనబడుతుంది? అసలు పీడనం 900 ఉంటే అది చాలా ఎక్కువ పీడనంతో మొదలుపెడుతుంది. అందుకే దారికి జీఎఫ్‌ఎస్, యూరోపియన్ మోడళ్లు, వాటి సగటు చూడాలి. బలానికి లోపల సుమారు 2 కిలోమీటర్ల గడితో నడిచే హాఫ్స్ లాంటి హరికేన్ మోడళ్లు చూడాలి. మ్యాపులో తుపాను ముందు గరాటులా విచ్చుకునే కోన్ తుపాను పరిమాణం కాదని మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది. కేంద్రం ఎక్కడుండవచ్చో గత అయిదేళ్ల తప్పులను బట్టి గీసిన హద్దు అది, అందులోనూ మూడింట ఒక వంతుసార్లు కేంద్రం బయటికి పోవచ్చు.

హరికేన్ కేంద్రం పూర్తి బులెటిన్లు మన సమయం ప్రకారం ఉదయం, రాత్రి 8:30కి, మధ్యాహ్నం, తెల్లవారుజామున 2:30కి వస్తాయి. ముందు వాటితోపాటు వచ్చే చర్చా పాఠం చదవండి, మ్యాపు తర్వాత చూడొచ్చు.

మిల్టన్ దాదాపు ఈశాన్యంగా, ఏటవాలుగా ఫ్లోరిడా పడమటి తీరం మీదికి వచ్చింది. అలాంటప్పుడు దిశలో చిన్న తేడా కూడా ఖరీదైనదే: 300 కిలోమీటర్ల దూరంలో 10 డిగ్రీలు తప్పితే తీరంలో 50 కిలోమీటర్ల పైన తేడా. అక్టోబరు 9 రాత్రి సుమారు 8:30కి, మనకు 10వ తేదీ ఉదయం 6 గంటలకు, మూడో కేటగిరీ హరికేన్‌గా సియెస్టా కీ దగ్గర తీరం దాటింది. అది టాంపా అఖాత ముఖద్వారానికి దక్షిణంగా ఉంది. అప్పటికి పై గాలులు దాన్ని ఒకవైపు లాగేశాయి. రాడార్‌లో వానంతా ఉత్తరాన, దక్షిణ సగం బోసిగా. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలపైన వాన పడింది. అదే రోజు కేంద్రానికి చాలా దూరంలో, తూర్పు తీరంలో, టోర్నడోలు ప్రాణాలు తీశాయి.

ఉత్తరార్ధగోళంలో గాలి గడియారానికి ఎదురుగా తిరుగుతుంది కాబట్టి తుపాను నడిచే దిశకు కుడివైపే సముద్రం ఒడ్డు మీదికి ఎక్కుతుంది. మిల్టన్‌కు కుడి అంటే దక్షిణం, వెనిస్ వైపు. 1977 నవంబరు 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటితే, కుడివైపున్న దివిసీమ మునిగింది, అదే లెక్క. టాంపా ఎడమవైపు పడింది. గాలి నీళ్లను అఖాతంలోంచి బయటికి తోసేసింది, ఒడ్డున నీటి అడుగునుండే బురద బయటపడింది. 2017లో ఇర్మా అప్పుడూ ఇలాగే జరిగింది, జనం ఆ బురదలోకి దిగి నడిచారు. గాలి దిశ తిరగ్గానే ఆ నీళ్లు వెనక్కి వస్తాయి, ఎంతసేపట్లో అన్నది కేంద్రం ఎంత వేగంగా పక్కకు పోతుందన్న దాన్ని బట్టి ఉంటుంది.