పాలను ఏ గడిలో రాయాలి?

నేను చదివింది చరిత్ర. గోదావరి గట్టు పక్కనున్న ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతుంటాను. మా సైన్సు ఉపాధ్యాయిని ప్రసూతి సెలవు మీద వెళ్లినప్పుడు, పని సర్దుబాటు కింద ఆరు, ఏడు తరగతుల సామాన్య శాస్త్రం కూడా నాకే అప్పగించారు. పుస్తకం తిరగేస్తే అన్నిటిలోకి సులువుగా కనిపించిన పాఠం మిశ్రమాలు. నల్లబల్ల మీద రెండు గడులు గీసి, ఒకదానిపైన సజాతీయ మిశ్రమాలనీ రెండోదానిపైన విజాతీయ మిశ్రమాలనీ రాసి, కింద ఉదాహరణలు నింపితే మూడు రోజుల్లో అయిపోతుందని లెక్క వేసుకున్నాను. పదకొండు రోజులు పట్టింది.

ఆ రెండు మాటలూ పిల్లల నోట తిరగకపోవడంతో మొదటి రోజే వాటికి ‘అంతటా ఒకేలా ఉన్నది’, ‘చోటుకొకలా ఉన్నది’ అని మారుపేర్లు పెట్టుకున్నాం. రెండో రకానికి ఉదాహరణలు అడిగితే కరువు లేదు: మట్టిబెడ్డలున్న బియ్యం, ఊకతో కలిసిన ధాన్యం, ఉల్లిపాయ ముక్కలు కలిపిన మరమరాలు. వాటిని వేరు చేసే పద్ధతులు నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. చెరగడానికీ జల్లించడానికీ తేడా చెప్పమంటే ఒకమ్మాయి లేని చేటను రెండు చేతులతో ఎగరేసి చూపించింది. నీళ్లలో ఆడించి రాళ్లను అడుగుకు దించడాన్ని గాలించడం అంటారని ఇంకొకడు గుర్తు చేశాడు. ఇక్కడ నేను చెప్పవలసింది పెద్దగా లేకపోయింది.

చిక్కు మొదటి గడి దగ్గర మొదలైంది. ‘అంతటా ఒకేలా ఉన్నది’ అంటే ఏమిటో రుచి చూపిద్దామని పెద్ద గాజు గ్లాసులో నీళ్లు పోసి, నాలుగు చెంచాల చక్కెర వేసి, అది కరిగి కనుమరుగయ్యేదాకా ఆగి, ముగ్గురు పిల్లలకు మూడు స్ట్రాలు ఇచ్చి, పైనుంచి ఒకరిని, మధ్యనుంచి ఒకరిని, అడుగునుంచి ఒకరిని పీల్చమన్నాను. పైనుంచి పీల్చినవాడు మొహం చిట్లించి, “ఇవి ఉత్త నీళ్లే మాస్టారూ” అన్నాడు. అడుగునుంచి తాగినవాడు మాత్రం స్ట్రా వదల్లేదు. నేను గరిటె తిప్పడం మరిచిపోయాను. కరిగిన చక్కెర నీరు బరువుగా ఉండి అడుగునే నిలుస్తుంది. చక్కెర అణువులు వాటంతటవి పైకి వ్యాపిస్తాయి గాని, ఆ పని గంటల్లో తెమిలేది కాదు. ఆ క్షణంలో ఆ గ్లాసు చోటుకొకలా ఉన్న మిశ్రమమే. గరిటెతో తిప్పాక ముగ్గురూ ఒకే తీపి అన్నారు, మర్నాడు ఉదయం చూసినా తీపి అంతటా ఒకేలా ఉంది. ఒకసారి పూర్తిగా కలిశాక ద్రావణం మళ్లీ విడిపోదన్న సంగతి నా పొరపాటు వల్లే పిల్లలకు స్పష్టమైంది. తరవాత కొలపాత్రలో వంద మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని ఉప్పు వేస్తూ పోయాం. మామూలు వేడిమిలో ఆ నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. ఆపైన వేసింది ఎంత తిప్పినా అడుగునే మిగిలింది. పైనున్న ఉప్పునీరు మొదటి గడికి చెందుతుంది, అడుగునున్న ఉప్పుతో కలిపి చూస్తే పాత్ర మొత్తం రెండో గడికి చెందుతుంది. ఇంతవరకూ నేను తట్టుకున్నాను.

నాలుగో రోజు మొదటి గడిలో ఉప్పునీరు, గాలి, ఇత్తడి రాసి, నా దగ్గరున్న గైడు చూసి, దాని కిందే పాలు అని కూడా రాశాను. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమమంటే నమ్మడానికి కొంత గొణిగారు గాని ఒప్పుకున్నారు. పాల దగ్గర, ఇంట్లో రెండు గేదెలున్న ఒకమ్మాయి లేచి నిలబడింది. “పాలు తీసి కదపకుండా ఉంచితే పైన చిక్కగా తేలుతుంది కదండీ. పైన వెన్న ఎక్కువ, కింద తక్కువ. మరి అంతటా ఒకేలా ఎలా ఉన్నట్టండీ?” నా దగ్గర జవాబు లేదు. రేపు చెబుతానన్నాను. చరిత్ర పాఠంలో ఆ మాట అనవలసిన అవసరం నాకు అరుదుగానే వచ్చేది.

ఆ రాత్రి హైస్కూలులో భౌతికశాస్త్రం చెప్పే స్నేహితుడికి ఫోను చేశాను. రెండు గడులతో సరిపెట్టవద్దని, చూపుకు ఒకేలా కనిపించినా లోపల ఒకేలా లేనివి చాలా ఉన్నాయని అతను చెప్పాడు. పాలలో కొవ్వు కరగదు. మైక్రోస్కోపులో మాత్రమే కనిపించే చిన్న చిన్న బొట్లుగా నీటిలో తేలుతుంటుంది. ఆ కొవ్వులో ఎక్కువ భాగం మిల్లీమీటరులో వెయ్యో వంతు నుంచి వందో వంతు లోపు ఉన్న బొట్లలోనే ఉంటుంది. నీటికన్నా తేలిక కనుక ఆ బొట్లు మెల్లగా పైకి చేరతాయి. కొన్ని రకాల ప్యాకెట్ పాలలో ఈ బొట్లను యంత్రంలో ఇంకా చిన్నవిగా చితక్కొడతారు, అందుకే అవి త్వరగా తేలవు. ఇలాంటి మిశ్రమాలను ఇప్పటి పుస్తకాలు కొల్లాయిడ్లు అంటాయి. రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం 1861లో జిగురు అన్న అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి ఆ పేరు తయారుచేశాడు. మన పాత పాఠ్యపుస్తకాల్లో దీన్ని కాంజికాభం అనేవారు. సంస్కృతంలో కాంజికమంటే గంజి, కాబట్టి కాంజికాభమంటే గంజిలాంటిది. ఆ పేరు పెట్టినవారికి నేను మనసులో నమస్కారం పెట్టుకున్నాను. గంజి కూడా కొల్లాయిడే మరి.

ద్రావణానికీ కొల్లాయిడుకూ తేడా చూపించడానికి వెలుతురు వాడమన్నాడు స్నేహితుడు. కాంతిని అతి చిన్న కణాలు చెదరగొట్టడాన్ని టిండాల్ ప్రభావం అంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో దాన్ని పరిశీలించిన జాన్ టిండాల్ పేరు అది. నేను తీర్థంలో కొన్న లేజరు లైటుతో ముందుగా ఇంట్లో ప్రయత్నించాను. ఉప్పునీటిలో కాంతి దారి గీతలా కనబడకూడదు, కాని సన్నగా కనబడింది. ఉప్పు గడ్డకట్టకుండా పొడిపొడిగా ఉండటానికి కలిపే పదార్థం నీటిలో కరగక ఆ గీతను కనిపించేలా చేస్తోందని తెలియడానికి అరగంట పట్టింది. క్యాను నీళ్లతో ద్రావణం చేసి, బడిలోని వడపోత కాగితంలో వడకడితే గీత దాదాపు పోయింది. మర్నాడు కిటికీ తలుపులు మూసి, లైటు ఎవరి కళ్లలోనూ పడకుండా నేనే పట్టుకుని, రెండు గ్లాసులు వరసగా పెట్టాను. ఉప్పునీటి గ్లాసులోంచి కాంతి దారి ఎక్కడా కనిపించకుండా అవతల గోడ మీద ఎర్రచుక్కగా పడింది. రెండో గ్లాసు నీటిలో ఒకే ఒక్క చుక్క పాలు వేసి కలిపాం. ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఎర్రదారం కట్టినట్టు గీత వెలిగింది. గేదెల అమ్మాయి గ్లాసు పక్కకు చేరి, ఆ గీత మీద వేలు ఆనించి చూసింది. నల్లబల్ల మీద పాలను మొదటి గడిలోంచి తుడిచేసి, రెండు గడుల మధ్య గీత మీద రాశాను.

అది ఆగస్టు, గోదావరికి ఎర్రనీరు వచ్చి ఉంది. ఆ నీటిని రెండు సీసాల్లో పట్టుకొచ్చి, ఒకదాన్ని అలాగే వదిలి, రెండోదానిలో పటిక ముక్కను నాలుగుసార్లు తిప్పి తీశాం. బంకమట్టి కణాల మీద రుణావేశం ఉండటంతో అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ నీటిలోనే తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని తగ్గించడంతో అవి జట్టుకట్టి, బరువెక్కి దిగుతాయి. గంట గడిచేసరికి పటిక సీసా పైభాగం తేరుకుంది, అలాగే వదిలింది మర్నాటికీ పలచగా ఎర్రగానే ఉంది. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ గుమ్మంలోంచి చూసి, “మా అత్తగారు కుండలోపల చిల్లగింజ అరగదీసేవారండి, పొద్దుటికి నీళ్లు అద్దంలా ఉండేవి” అన్నారు. ఆ గింజ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందని పిల్లలు ఆవిడ వెంటపడ్డారు. తేరిన నీరు తాగడానికి పనికొచ్చిన నీరు కాదని, కాచి తాగాలని నేను రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

నెల చివర పరీక్షలో ఒకే ప్రశ్న పెట్టాను: గాలి, ఇత్తడి, పాలు, ఎర్రనీరు – ఇవి ఏ రకం మిశ్రమాలో కారణంతో రాయండి. పాలకు చాలామంది సరైన కారణమే రాశారు. గాలికి నేను అనుకున్న జవాబు సజాతీయం అనే. వెనక బెంచీలో కూర్చునే ఒకడు మాత్రం “గాలి అంతటా ఒకేలా ఉంటుంది, కాని మా తరగతి ఊడ్చేటప్పుడు కాదు, పెంకుల సందులోంచి ఎండ పడితే దుమ్ము గీతలా కనపడుతుంది” అని రాశాడు. ఎర్రకలం పట్టుకుని కాసేపు ఆలోచించి, పూర్తి మార్కులు వేశాను.