సృష్టి వాదనలో పూర్వపక్షం ఏమైంది?

ఈ ప్రపంచాన్ని ఎవరైనా పుట్టించారా, లేక దానంతటదే వచ్చిందా అని ఆస్తికులూ నాస్తికులూ వాదించుకోవడం మా శ్రీకాకుళంలో కొత్త కాదు. కార్తీక వనభోజనాల్లో, ఉపాధ్యాయుల పదవీ విరమణ సభల్లో, పెళ్లివారింటి అరుగుల మీద ఈ వాదన లేస్తూనే ఉంటుంది. భౌతికశాస్త్రం పాఠాలు చెప్పడం నా వృత్తి, ఆదివారం అరసవల్లి వెళ్లి సూర్యనారాయణ స్వామి దర్శనం చేసుకోవడం నా అలవాటు. అందువల్ల రెండు పక్షాలవాళ్లూ నన్ను తమవాడిగానే భావించి మాట్లాడతారు.

కుర్రవాడు మొదలుపెడతాడు: "అంతా దేవుడే చేసేడంటే, మరి ఆ దేవుణ్ని ఎవలు చేసేరు మాస్టారూ?" పెద్దాయన అందుకుంటారు: "ఏదో బద్దలైపోయి ఇదంతా వచ్చీసిందంటున్నావు గదా బాబూ, మరి ఆ బద్దలైంది ఎక్కణ్నుంచి వచ్చింది?" ఈ రెండు ప్రశ్నలూ పడ్డాక వాదన ఇంకో అడుగు ముందుకు వేయగా నేను చూడలేదు. గొంతులు పెరుగుతాయి, ఎవరో భోజనానికి లేవమంటారు, అక్కడితో ముగుస్తుంది. నాకు బాధ కలిగించేది వాదన తేలకపోవడం కాదు. ఎదుటివాడు నిజంగా ఏమంటున్నాడో చెప్పమంటే ఇద్దరిలో ఎవరూ సరిగా చెప్పలేరు, అదే నా బాధ. మన శాస్త్రకారులకు ఈ లోపం ఉండేది కాదు. ఎదుటి పక్షాన్ని, దాన్ని నమ్మినవాడు కూడా ఒప్పుకునేంత బలంగా, ముందుగా తామే నిలబెట్టి, ఆ తరువాతే ఖండనకు దిగేవారు. ఆ పూర్వపక్షం చెప్పే ఓపిక ఈనాటి మన వాదనల్లో బొత్తిగా కనబడదు.

విజయనగరానికి దగ్గరలోనే ఉన్న రామతీర్థం వెళ్లినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తుకు వస్తుంది. కింద రామస్వామి కోవెల ఉంది. గురుభక్తుల కొండ మీద బౌద్ధుల స్తూప, చైత్య, విహారాల శిథిలాలు ఉన్నాయి. దుర్గకొండ గుహల దగ్గర జైన తీర్థంకరుల విగ్రహాలు ఉన్నాయి. ఈ మూడింటిలో జగత్కర్త ఉన్నాడని చెప్పేది ఒక్కటే. బౌద్ధులూ జైనులూ సృష్టికర్తను ఒప్పుకోరు, అయినా వాళ్లను ధర్మం లేనివాళ్లని ఎవరూ అనలేరు. నాస్తికత్వం నిన్నమొన్న పడమటి దేశాల నుంచి దిగుమతి అయిందని సభల్లో ఉపన్యసించే పెద్దలు ఒక్కసారి ఆ కొండలు ఎక్కి రావాలని నా కోరిక.

ఆనాటి వాదం ఎంత పదునుగా ఉండేదో చూడండి. న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు 'ప్రతి వస్తువునూ ఎవరో ఒకరు చేశారు' అనలేదు. అవయవాలు, అంటే విడి భాగాలు, కలిగి, ఒకప్పుడు లేకుండా ఉండి తరువాత ఏర్పడిన వస్తువుకు మాత్రమే తెలివిగల కర్త ఉండాలన్నారు. కుండకు కుమ్మరి ఉన్నట్టే కొండకూ భూమికీ కర్త ఉండాలన్నారు. ఈశ్వరుడు అవయవాలు కలిగి పుట్టినవాడు కాడు, కనుక ఆయనను ఎవరు చేశారన్న ప్రశ్న వారి వాదాన్ని తాకనే తాకదు. పదో శతాబ్దం ప్రాంతంలో ఉదయనుడు 'న్యాయకుసుమాంజలి'లో ఈ వాదాన్ని శిఖరానికి చేర్చాడు. అయితే దీనికి బలమైన దెబ్బ అంతకు మూడు శతాబ్దాల ముందే బౌద్ధుడైన ధర్మకీర్తి చేతిలో తగిలి ఉంది. కుండ మట్టితో ఏర్పడిన రూపం కనుక కుమ్మరి చేసిందే అయితే, పుట్ట కూడా మట్టితో ఏర్పడిన రూపమే కదా, దాన్నీ కుమ్మరే చేశాడని తేలాలి అన్నాడాయన. కుమ్మరి కుండ చేయడం మనం చూశాం, కొండను ఎవరో చేయడం ఎవరూ చూడలేదు. రెండింటినీ 'ఏర్పడినవి' అని ఒకే మాటతో పిలిచినంత మాత్రాన రెండూ ఒకే జాతి అయిపోవు. నేను దేవుణ్ణి నమ్మేవాణ్ణే అయినా, ఇక్కడ ధర్మకీర్తి మాటే బలమైనదని ఒప్పుకుంటాను. వనభోజనాల్లో కుర్రవాళ్లు 'దేవుణ్ని ఎవలు చేసేరు' అనే బదులు ఈ పుట్ట ప్రశ్న అడిగితే పెద్దాయనకు నిజంగా ఆలోచించవలసిన పని పడుతుంది.

నా పక్షంవాళ్ల గురించి ఇంకా కఠినంగానే చెప్పాలి, ఎందుకంటే వాళ్ల తప్పులు నాకు బాగా దగ్గరగా తెలుసు. పూజ మొదట్లో చెప్పే సంకల్పంలో శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం అంటూ మనం ఎంత కాలంలో ఎక్కడ ఉన్నామో చెప్పుకుంటాం. కల్పం అంటే బ్రహ్మకు ఒక పగలు, 432 కోట్ల సంవత్సరాలు. శాస్త్రజ్ఞులు లెక్కకట్టిన భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, మన ఋషులు భూమి వయస్సు ఎప్పుడో చెప్పేశారని గొప్పగా ప్రకటించేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ 432 కోట్లు అన్నది పగలు మొత్తం. అదే లెక్క ప్రకారం ఈ కల్పంలో ఇప్పటిదాకా గడిచింది సుమారు 197 కోట్ల సంవత్సరాలే. కుదిరిన అంకెను చూపించి, కుదరని అంకెను దాచిపెట్టడం భక్తి కాదు. అంత పెద్ద కాలాన్ని ఊహించడానికి జంకని మనస్సులు మనకు ఉండేవని చెప్పుకుంటే చాలు, అదేమీ చిన్న సంగతి కాదు.

ఋగ్వేదంలో పదో మండలం 129వ సూక్తం, నాసదీయం, సృష్టి గురించి అడిగినంత ధైర్యంగా నేను చదివిన మరే గ్రంథమూ అడగలేదు. అప్పుడు సత్తూ లేదు, అసత్తూ లేదు అని మొదలై, దేవతలు కూడా సృష్టికి తరువాతివారే కనుక ఇది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు అని అడిగి, పరమ వ్యోమంలో ఉండి దీన్ని చూస్తున్నవాడికి తెలుసేమో, ఆయనకు కూడా తెలియదేమో అంటూ ముగుస్తుంది. సాయణ భాష్యంతో మాక్స్‌ముల్లర్ పరిష్కరించిన ఋగ్వేదం రెండో ముద్రణ 1890-92 మధ్య నాలుగు సంపుటాలుగా వచ్చింది. దానికి అండగా నిలిచినవారు విజయనగరం మహారాజు ఆనంద గజపతి. మన ప్రాంతపు సంస్థానం సాయంతో అచ్చయిన ఆ వేదంలోనే ఈ సందేహమూ ఉంది. దీన్ని చేతిలో పట్టుకుని 'వేదంలో బిగ్ బ్యాంగ్ ఉంది' అని చెప్పడం ఆ ఋషికి అన్యాయం చేయడమే. ఆయన ప్రశ్నగా వదిలినదాన్ని మనం జవాబుగా మార్చి అమ్ముకుంటున్నాం.

బిగ్ బ్యాంగ్ చరిత్ర తెలిస్తే రెండు పక్షాలూ కొంచెం తగ్గి మాట్లాడతాయి. విశ్వం విస్తరిస్తోందని 1927లో సమీకరణాలతో చూపి, 1931లో అదంతా ఒక ఆదిమ పరమాణువు నుంచి మొదలై ఉండవచ్చని ప్రతిపాదించిన జార్జి లెమైత్ర్ బెల్జియం దేశపు కేథలిక్ మతగురువు. ఆ సిద్ధాంతాన్ని చివరిదాకా ఎదిరించిన ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హోయిల్ నాస్తికుడు. విశ్వానికి మొదలు ఉందంటే మతానికి తలుపు తీసినట్టే అవుతుందని ఆయనకు అనుమానం. 1948లో ఆయనా, ఆయన సహచరులు బాండి, గోల్డ్‌లూ, మొదలూ చివరా లేకుండా, విస్తరిస్తూనే ఎప్పుడూ ఒకేలా ఉండే విశ్వాన్ని ప్రతిపాదించారు. 1949లో రేడియో ప్రసంగంలో ఎదుటి సిద్ధాంతాన్ని 'బిగ్ బ్యాంగ్' అన్నది కూడా ఆయనే. 1951లో పోప్ పన్నెండవ పయస్ ఈ కొత్త విశ్వశాస్త్రం సృష్టికి సాక్ష్యం ఇస్తోందన్నట్టు ప్రసంగిస్తే, సంతోషించవలసిన లెమైత్రే నొచ్చుకున్నారు. తన సిద్ధాంతం మతపరమైన ప్రశ్నలకు పూర్తిగా బయట ఉందని, నమ్మేవాడికీ నమ్మనివాడికీ అది సమానమేనని ఆయన భావన. తన విశ్వాసానికి అనుకూలంగా కనిపించే సాక్ష్యాన్ని కూడా అలా పక్కన పెట్టిన మనిషి మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు. ఇక ఏది నిజమన్నది మతగురువూ తేల్చలేదు, నాస్తికుడూ తేల్చలేదు. 1964-65లో పెన్జియాస్, విల్సన్ అనే శాస్త్రజ్ఞుల యాంటెన్నాకు ఆకాశం అన్ని వైపుల నుంచీ ఒకేలా అందిన సన్నని సూక్ష్మతరంగాల రొద తేల్చింది. అది విశ్వానికి దాదాపు 3,80,000 సంవత్సరాల వయస్సులో బయలుదేరిన వెలుగు, ఇప్పుడు కేవలం 2.7 కెల్విన్‌ల వేడి.

నాస్తిక మిత్రులు చేసే పొరపాటు వేరు. శూన్యం నుంచి కణాలు పుట్టడం క్వాంటం శాస్త్రం చూపించింది కనుక విశ్వం కూడా ఏమీ లేనిచోటు నుంచే వచ్చిందని, ఇక ప్రశ్నే లేదని తేల్చేస్తారు. ఆ శాస్త్రం శూన్యం అనే స్థితిలో కూడా క్షేత్రాలు ఉంటాయి, వాటిని నడిపే నియమాలు ఉంటాయి. అది 'ఏమీ లేకపోవడం' కాదు. సుమారు 1380 కోట్ల సంవత్సరాల కిందట అత్యంత వేడిగా, సాంద్రంగా ఉన్న స్థితి నుంచి ఈ విశ్వం ఎలా విస్తరించిందో శాస్త్రం చెబుతుంది. అసలు ఏదైనా ఎందుకు ఉండాలి అన్న ప్రశ్న ఆ లెక్కలో లేదు. లేనిదాన్ని ఉందని చెప్పడం ఏ పక్షం చేసినా తప్పే.

అలాగని అన్నీ తేలని ప్రశ్నలే అనుకోకూడదు. శ్రీకూర్మం దగ్గర సముద్రతీరానికి వెళ్లి గుప్పెడు ఇసుక అరచేతిలో పోసుకుని ఎండలో చూడండి. తెల్లని రేణువుల మధ్య నల్లనివి ఇల్మనైట్, దానిమ్మ గింజ రంగువి గార్నెట్, వెతికితే అరుదుగా తేనె రంగులో కనిపించేది మోనజైట్. తూర్పు కనుమల రాళ్లు అరిగి, వంశధార, నాగావళి వంటి నదుల వెంట కొట్టుకొచ్చిన రేణువులివి. మోనజైట్‌లో ఉండే థోరియం నెమ్మదిగా సీసంగా మారుతుంది, అందులో సగం మారడానికి సుమారు 1400 కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఎంత థోరియం మిగిలింది, ఎంత సీసం పోగుపడింది అని కొలిస్తే ఆ రేణువు ఏర్పడిన కాలం తెలుస్తుంది. ఇలాంటి కొలతలతోనే ఈ కనుమల రాళ్లలో చాలావాటికి దాదాపు వంద కోట్ల సంవత్సరాల కిందట ఇప్పటి రూపం వచ్చిందని తేల్చారు. భూమి వయస్సు విషయంలో ఇక వాదనకు చోటు లేదు. ఏ మతగ్రంథం పేరుతోనైనా ఎవరైనా పిల్లలకు వేరే అంకె చెబితే, ఉపాధ్యాయుడిగా నేను అడ్డుపడతాను.

అరసవల్లి విషయంలోనూ అంతే. మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదటి రోజుల్లో ఉదయపు కిరణాలు గర్భాలయంలోని స్వామి పాదాలను తాకుతాయి. అది మహిమ అని ఒకరు, వాస్తు లెక్క అని మరొకరు వాదించుకుంటారు. సూర్యోదయం దక్షిణపు చివరకు చేరే డిసెంబరు 21కి అక్టోబరు రోజులు ఎంత ముందున్నాయో మార్చి రోజులు దాదాపు అంతే వెనక ఉన్నాయి, అందుకే ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు ఒకేచోట ఉదయిస్తాడు. ఆ దిక్కును గమనించి గుడి కట్టినవాడికి లెక్కా తెలుసు, భక్తీ ఉంది. వాటిలో ఒకటే ఉండాలని ఆయన అనుకోలేదు, నేనూ అనుకోను.

నన్ను నిజంగా నిలదీసే ప్రశ్న నాస్తికుల నుంచి కాక, వేదాన్ని ప్రాణంగా నమ్మిన కుమారిల భట్టు నుంచి వచ్చింది. వేదకర్మలను విచారించే మీమాంస దర్శనానికి చెందిన ఆయన సృష్టికర్తను ఒప్పుకోలేదు. సృష్టికి ముందు చూసినవాడు ఎవడూ లేడు కదా, ప్రజాపతి చేశాడని ఎవరికి తెలిసింది అన్నాడు. కరుణతో చేశాడంటే, అప్పటికి జాలిపడవలసిన ప్రాణి ఏది ఉంది అన్నాడు. నిజంగా కరుణే కారణమైతే సుఖం తప్ప మరేమీ లేని లోకాన్నే చేసి ఉండేవాడు కదా అన్నాడు.

ఈ ప్రశ్న పుస్తకంలో చదివితే ఒక రకంగా ఉంటుంది, మా జిల్లాలోని ఉద్దానంలో నిలబడి తలుచుకుంటే మరో రకంగా ఉంటుంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఊరూరా మూత్రపిండాల జబ్బు ఉంది, దానికి కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. అదే నేల మీద 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. డయాలసిస్‌కు వారంలో రెండు మూడుసార్లు పోయి వచ్చే ఇంటి ముందు కూర్చుని, కొండకు కర్త ఉన్నాడా లేడా అని వాదించడం నాకు సాధ్యం కాలేదు. అక్కడివాళ్లు అడిగేది 'ఎవలు చేసేరు' అని కాదు, 'మాకే ఎందుకిలా' అని. బ్రహ్మసూత్రం సృష్టి ఈశ్వరుడికి లీల అంటుంది. నేను చదివిన సమాధానాల్లో నాకు నచ్చినది అదే, కానీ ఆ ఇంటి ముందు అది నా నోట రాలేదు. పూర్వజన్మ కర్మ అన్న మాట అసలే రాలేదు, రాకూడదు కూడా. నీళ్లు పరీక్షించి, కారణం వెతికి, వైద్యం దగ్గరకు తేవాలని నాస్తిక మిత్రుడు అంటే నేను అతని పక్కనే నిలబడతాను. అయినా సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఆ ఇంటి ఇల్లాలు దేవుడికి దండం పెట్టుకుంటుంది, అది అజ్ఞానం అని అతను అంటే మాత్రం ఒప్పుకోను. ముందు ఆమె పూర్వపక్షాన్ని, ఆమె కూడా అవునని తల ఊపేంత సరిగా చెప్పి, తరువాత మాట్లాడమంటాను.