కేసు ఎవరి చేతిలో పడింది?

పేటెంట్ అప్లికేషన్‌ని పరిశీలించిన ఎగ్జామినర్ రాసి పంపే నిర్ణయాన్ని అమెరికా పేటెంట్ ఆఫీసులో ఆఫీస్ యాక్షన్ అంటారు. అది రాగానే నేను ముందు చివరి పేజీకి వెళ్తాను. అక్కడ సంతకం ఒకటుందా, రెండున్నాయా అని చూస్తాను. ఒకటే ఉండి పేరు కింద ప్రైమరీ ఎగ్జామినర్ అని ఉంటే, ఆ మనిషి తన నిర్ణయం తానే తీసుకోగలడు. రెండుంటే రాసింది జూనియర్; ఒప్పుకోవాల్సింది పైనున్న ప్రైమరీయో, సూపర్‌వైజరో. ఫోన్‌లో ఎవరితో మాట్లాడాలి, ఎవరి గణాంకాలు తీయాలి అన్నది అక్కడే సగం తేలిపోతుంది. రిజెక్షన్ చదవడం ఆ తర్వాత.

నేను వర్జీనియాలో ఒక లా ఫర్మ్‌లో పేటెంట్ ఏజెంట్‌ని, అంటే క్లయింట్ల తరఫున పేటెంట్ అప్లికేషన్లు వేసి నడిపేవాణ్ణి. కాకినాడ జేఎన్‌టీయూలో ఈసీఈ, ఇక్కడ ఎమ్మెస్, ఆ తర్వాత ఈ దారి. పేటెంట్ ఏజెంట్ కావడానికి లా డిగ్రీ అక్కర్లేదు. సైన్సో ఇంజినీరింగో చదివి, వంద ప్రశ్నల పరీక్ష పాసవ్వాలి. పాసైనా హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి పూర్తి రిజిస్ట్రేషన్ ఇవ్వరు, లిమిటెడ్ రికగ్నిషన్ అని ఒక పరిమిత అనుమతి ఇస్తారు. అది ఉద్యోగమిచ్చిన సంస్థకీ వీసాకీ ముడిపడి ఉంటుంది. ఉద్యోగం మారితే మళ్ళీ అడగాలి. గ్రీన్ కార్డ్ వస్తే తప్ప పూర్తి రిజిస్ట్రేషన్ లేదు. మనవాళ్ళకి గ్రీన్ కార్డ్ ఎప్పుడొస్తుందో తెలిసిందే కదా. నెలనెలా వీసా బులెటిన్‌లో తేదీలు చూసుకుని బతికేవాణ్ణి కాబట్టేనేమో, ఒక అంకె వెనక ఎంత ఆశ, ఎంత టెన్షన్ దాక్కుంటాయో నాకు బాగా తెలుసు. క్లయింట్‌కి ఒక శాతం చెప్పేటప్పుడు అది గుర్తుంచుకుంటాను.

అటువైపు ఎగ్జామినర్‌గా పనిచేయాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి. ఎనిమిది వేలకు పైగా ఉన్న ఎగ్జామినర్లలో తెలుగు ఇంటిపేర్లు కూడా తగులుతుంటాయి. అలాంటి పేరున్నవారితో ఇంటర్వ్యూ, అంటే కేసు మీద నేరుగా మాట్లాడుకోవడం, జరిగితే ఇద్దరం ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం. మీదే ఊరండీ అని ఇటునుంచీ అడగం, అటునుంచీ అడగరు. ఆ సంభాషణ సారాంశం రికార్డుకి ఎక్కుతుంది, రేపు కోర్టులో ఎవరైనా చదవొచ్చు. అలా ఉండటమే సరైనదని నా అభిప్రాయం.

ఇక గణాంకాల సంగతి. 1999లో వచ్చిన చట్టం వల్ల, 2000 నవంబర్ చివరి నుంచి వేసిన అప్లికేషన్లలో ఎక్కువ భాగం 18 నెలలకు ప్రచురితమవుతున్నాయి. అప్పటినుంచి ఆ కేసు ఫైలంతా, ఎగ్జామినర్ రాసింది, మనం జవాబిచ్చింది, అప్పీల్‌కి వెళ్తే పేటెంట్ ఆఫీసులోని అప్పీల్ బోర్డు చెప్పింది, పేటెంట్ సెంటర్ సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఈ ఫైళ్ళన్నిటినీ పోగుచేసి ఎగ్జామినర్ వారీగా లెక్కలు అమ్మే కంపెనీలు ఉన్నాయి. ఫలానా వ్యక్తి ముగించిన కేసుల్లో ఎన్నింటికి పేటెంట్ ఇచ్చారు, ఒక్కో దానికి ఎన్ని ఆఫీస్ యాక్షన్లు పట్టాయి, ఇంటర్వ్యూ జరిగిన కేసుల్లో ఏమైంది, అప్పీల్ నోటీసు పడ్డాక ఏమైంది, ఇవన్నీ క్షణంలో వస్తాయి. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ల్యాబ్ వైవా రోజు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది కదా, ఎక్స్‌టర్నల్ ఎవరు అని. ఇక్కడ ఆ ప్రశ్నకి సమాధానం పబ్లిక్ రికార్డులోనే ఉంది.

చిక్కేమిటంటే అందరూ ముందు అలవెన్స్ శాతమే, అంటే ముగిసిన కేసుల్లో పేటెంట్ ఇచ్చినవెన్నో, చూస్తారు, అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేదీ అదే. ప్రచురించవద్దని కోరిన అప్లికేషన్లు మధ్యలో ఆగిపోతే అవి ఈ లెక్కలో ఎక్కడా కనిపించవు. ఇంకా నడుస్తున్న కేసులు లెక్కలోకి రావు కాబట్టి కొత్తగా చేరిన ఎగ్జామినర్ శాతానికి అర్థమే లేదు. డబ్బు చాలక మొదటి యాక్షన్ తర్వాత వదిలేసుకున్న కేసు కూడా ఆ ఎగ్జామినర్ ఖాతాలో తిరస్కరణలాగే కనిపిస్తుంది. వీటన్నిటికీ మించి టెక్నాలజీ తేడా. 2014 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆలిస్ కేసులో, కంప్యూటర్ మీద నడిపినంత మాత్రాన ఒట్టి ఆలోచనకి పేటెంట్ రాదని తీర్పు ఇచ్చాక, బిజినెస్ మెథడ్స్ చూసే ఆర్ట్ యూనిట్లలో (ఒకే రకం టెక్నాలజీ చూసే ఎగ్జామినర్ల బృందాల్లో) అలవెన్సులు ఒక్కసారిగా పడిపోయాయి. అక్కడున్న ఎగ్జామినర్లు రాత్రికి రాత్రి కఠినులైపోలేదు, వాళ్ళ కింద చట్టం మారింది. 2019 జనవరిలో పేటెంట్ ఆఫీసు కొత్త మార్గదర్శకాలు ఇచ్చాక మళ్ళీ కొంత మారింది. ఏళ్ళ తరబడి లెక్కలన్నీ కలిపి సగటు తీస్తే ఈ మూడు కాలాలూ కలగాపులగం అయిపోతాయి. అందుకని నేను ఎప్పుడూ ఆ ఎగ్జామినర్‌ని తన ఆర్ట్ యూనిట్‌లోని మిగతావాళ్ళతోనే పోలుస్తాను, గత మూడు నాలుగేళ్ళే తీసుకుంటాను.

అటువైపు పని ఎలా కొలుస్తారో తెలియకుండా ఈ అంకెలు చదవడం దండగ. ఎగ్జామినర్లకి చేసిన పనికి కౌంట్లు అని పాయింట్లు ఉంటాయి. 2010లో మార్చిన పద్ధతి ప్రకారం కొత్త అప్లికేషన్‌లో మొదటి యాక్షన్‌కి 1.25, ఫైనల్ రిజెక్షన్‌కి 0.25, కేసు ముగింపుకి 0.5. మనం ఆర్.సి.ఇ. వేసి పరిశీలన కొనసాగించమని అడిగినా ఆ చివరి అర కౌంటు వాళ్ళకి వస్తుంది. కొత్త రౌండ్ మళ్ళీ మొదలవుతుంది కానీ దానికిచ్చే మొత్తం తక్కువ. ఒక్కో కేసుకి ఇచ్చే గంటలు పరిమితం. చాలామంది ఇళ్ళ నుంచే, దేశంలో ఏ మూలనుంచో పనిచేస్తారు. ఇది తెలిశాక ఒక రిజెక్షన్‌లో పదునెందుకు తగ్గిందో, ఒక ఇంటర్వ్యూకి ముందుగా పంపిన రెండు పేజీల అజెండా ఎందుకంత ఉపయోగపడుతుందో అర్థమవుతుంది. ఎగ్జామినర్‌ని శత్రువులా చూసే అటార్నీలంటే నాకు గిట్టదు. అవతలి మనిషికి ఉన్న కొద్ది సమయాన్ని మన క్లెయిమ్, అంటే దేని మీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యం, అర్థమయ్యేలా వాడుకోవడం మన పని.

ఒక కేసు చెబుతాను, వివరాలు మార్చాను. హైదరాబాద్‌లో చిన్న కంపెనీ, బోరు మోటార్ల స్టార్టర్లు చేస్తారు. నీళ్ళు లేకుండా పంపు తిరుగుతుంటే కరెంటు తీసుకునే తీరుని బట్టి పసిగట్టి ఆపేసే పరికరం వాళ్ళది. ముందు ఇండియాలో ఫైల్ చేసి, ఏడాదిలోపు ఇక్కడ వేశారు. మన దేశంలో ఉంటున్నవాళ్ళు ముందు అక్కడ ఫైల్ చేసి ఆరు వారాలు ఆగాలి, లేదా విదేశంలో వేయడానికి అనుమతి తీసుకోవాలి. పేటెంట్ల చట్టం 39వ సెక్షన్. ఇది మర్చిపోయేవాళ్ళు ఎక్కువ కాబట్టి చెబుతున్నాను.

మూడు పాత పేటెంట్లని కలిపి, ఇది ఎవరికైనా తట్టేదే అని రిజెక్షన్ వచ్చింది. సవరించాం, ఫైనల్ వచ్చింది. ఆర్.సి.ఇ. వేశాం, మళ్ళీ అదే కలయికతో రిజెక్షన్, మళ్ళీ ఫైనల్. ఒక రాత్రి కంపెనీ పెద్దాయన ఫోన్ చేశారు. ఆయనకి అప్పుడు తెల్లవారుతోంది.

"బాబూ, ఇంకొంచెం డబ్బు పెడితే వస్తుందా, రాదా? అదొక్కటీ చెప్పు."

"వస్తుందని మాటివ్వలేనండీ. ఎక్కడ పెడితే వృథా కాదో మాత్రం చెప్పగలను," అన్నాను.

ఇక్కడ లెక్క ఇలా ఉంది. 2025 జనవరి నుంచి మొదటి ఆర్.సి.ఇ.కి ఫీజు 1,500 డాలర్లు, రెండోదానికీ ఆపైవాటికీ 2,860. అప్పీల్ నోటీసు 905. అప్పీల్ బ్రీఫ్‌కి, అంటే పూర్తి వాదన రాసిన పత్రానికి, విడిగా ఫీజు లేదు. ఎగ్జామినర్ జవాబు రాశాక కేసుని బోర్డుకి పంపడానికి 2,535. చిన్న సంస్థలకి వీటిలో 60 శాతం తగ్గింపు ఉంది. అంటే రెండో ఆర్.సి.ఇ. కంటే అప్పీల్ నోటీసు చాలా చవక. బ్రీఫ్ రాయడానికి అయ్యే మా ఖర్చే పెద్దది. అయితే నోటీసుతో పాటు ఐదు పేజీల లోపు వాదన పెట్టి ప్రీ-అప్పీల్ కాన్ఫరెన్స్ అడగొచ్చు, దానికి అదనపు ఫీజు లేదు. 2005 నుంచి ఉన్న పద్ధతి ఇది. అప్పుడు ఎగ్జామినర్, సూపర్‌వైజర్, ఇంకో అనుభవజ్ఞుడు కూర్చుని ఈ రిజెక్షన్ నిలబడుతుందా అని చూస్తారు. ఇంకో సంగతి, క్లెయిములు రెండుసార్లు తిరస్కరణకి గురైతే చాలు, ఫైనల్ దాకా ఆగకుండానే అప్పీల్‌కి వెళ్ళే హక్కు ఉంది.

ఆ ఎగ్జామినర్ అలవెన్స్ శాతం తన యూనిట్ సగటు కంటే బాగా తక్కువ. అక్కడే ఆగిపోతే ఈ కేసు వదిలేసుకోమని చెప్పాలి. నేను చూసింది వేరే వరుస. అప్పీల్ నోటీసు పడిన కేసుల్లో చాలావరకు బోర్డు దాకా వెళ్ళలేదు, మధ్యలోనే పరిశీలన మళ్ళీ తెరిచారు లేదా పేటెంట్ ఇచ్చేశారు. ఆర్.సి.ఇ.లు వేసినచోట మాత్రం రౌండ్ల మీద రౌండ్లు నడిచాయి. ఇది మనిషి మొండితనానికి గుర్తు అని నేననుకోను. ముగ్గురు కూర్చుని చూసినప్పుడు ఒకరికి కనపడనిది కనపడుతుంది. పైగా ఇలా తిరిగి తెరిచిన యాక్షన్‌కి కౌంటు రాదు, కాబట్టి ఆ రిజెక్షన్ మీద నిజంగా నమ్మకం ఉంటేనే ముందుకెళ్తారు.

ప్రీ-అప్పీల్ వేశాం. పరిశీలన మళ్ళీ తెరిచారు. పెద్దాయన సంబరపడ్డారు కానీ వచ్చిన కొత్త యాక్షన్‌లో పాత మూడింటికంటే దగ్గరైన ఇంకో రిఫరెన్స్ (మనకంటే ముందు వచ్చిన పత్రం) ఉంది, నిజంగానే గట్టిది. గణాంకాల్లో ఇది "ఎగ్జామినర్ వెనక్కి తగ్గారు" అనే గడిలో పడుతుంది. ఈ గడిని చూసి గెలుపు అనుకునేవాళ్ళకి ఇది చెప్పాలి. ఇంటర్వ్యూ పెట్టుకున్నాం. మోటారు స్టార్ట్ అయిన మొదటి క్షణాల్లో కొలతని వదిలేసే భాగం ఆ రిఫరెన్స్‌లో లేదని ఎగ్జామినరే తేల్చారు. దాన్ని క్లెయిమ్‌లోకి తెచ్చాక పేటెంట్ వచ్చింది, కోరుకున్నదానికంటే ఇరుకైనది. పెద్దాయనకి సరిపోయింది. నాకు ఇంకొంచెం వెడల్పు దక్కాల్సిందనే ఉంది.

బోర్డు దాకా వెళ్ళే కేసుల లెక్క వేరు. అక్కడ ముగ్గురు జడ్జీలు తీర్పిస్తారు, సగానికి పైగా ఎగ్జామినర్ వైపే వస్తుంది, పూర్తిగా మనవైపు తిరిగేవి దాదాపు మూడో వంతు. ఇది చూసి భయపడనక్కర్లేదు. బలహీనమైన రిజెక్షన్లు కాన్ఫరెన్సుల్లోనే రాలిపోతాయి, అక్కడిదాకా చేరేవి ఎగ్జామినర్లు గట్టిగా నిలబడ్డవే. ఒక ఎగ్జామినర్‌ని బోర్డు ఎన్నిసార్లు తిప్పికొట్టిందన్న అంకె కూడా ఇలాంటిదే, ఐదారు తీర్పుల మీద తీసిన శాతాన్ని నేను క్లయింట్‌కి చూపించను. ఆ తీర్పులు తెరిచి చదువుతాను. గెలిచి బయటపడితే అప్పీల్‌లో గడిచిన కాలాన్ని పేటెంట్ గడువుకి కలుపుతారు. ఆర్.సి.ఇ. వేస్తే మాత్రం, మూడేళ్ళు దాటిన ఆలస్యానికి ఇచ్చే పొడిగింపు గడియారం ఆగుతుంది. మందుల కంపెనీలకి ఈ తేడా కోట్ల మీద ఉంటుంది, స్టార్టర్లు చేసేవాళ్ళకి పెద్దగా పట్టదు.

డల్లాస్‌లో ఉండే మన కుర్రాడొకడు సొంత డబ్బుతో ఒక అప్లికేషన్ వేయించుకున్నాడు, చిట్‌ఫండ్ లాంటి పొదుపు గ్రూపుల్ని నడిపే పద్ధతి మీద. ఉద్యోగ ఒప్పందంలో ఆవిష్కరణల హక్కు యజమానికి పోతుందేమో ముందే లాయర్‌తో చదివించుకున్నాడు, అది మెచ్చుకోవాల్సిన పని. ఆలిస్ ఆధారంగా, ఏ రకం ఆవిష్కరణకి పేటెంట్ ఇవ్వొచ్చో చెప్పే 101వ సెక్షన్ కింద ఫైనల్ వచ్చింది. "అన్నా, ఎగ్జామినర్ శాతం బాగానే ఉంది కదా, అప్పీల్ వేద్దాం," అన్నాడు. ఎగ్జామినర్ శాతం బాగానే ఉంది, నిజమే. కానీ 101 మీద బోర్డుకి వెళ్ళినవాటిలో అత్యధికం ఓడిపోతున్నాయి, పైగా అతని క్లెయిమ్‌లో కంప్యూటర్ చేసే పని ఏదీ కొత్తది కాదు. తీర్పులు రెండు పక్కన పెట్టుకుని వరసగా చదివి వినిపించాను. వారం ఆలోచించి కేసు వదిలేశాడు. మిగిల్చుకున్న డబ్బుతో, అదే యాప్‌లో ఫోన్ల మధ్య డేటా సింక్ అయ్యే పద్ధతి మీద వేరే అప్లికేషన్ వేశాం. అందులో చెప్పుకోదగ్గ ఇంజినీరింగ్ ఉంది. అది ఏ ఆర్ట్ యూనిట్‌కి వెళ్తుందో, ఎగ్జామినర్ ఎవరో ఇంకా తెలియదు.