తీరని మొక్కు, 3,550 మెట్లు

"నీ మొక్కు తీరలేదు కదరా, ఇంక బాకీ ఏముంది?" అన్నారు మా పెదనాన్న. లెక్కప్రకారం ఆయన మాటే సరైనది. అడిగింది జరిగితే మొక్కు చెల్లించాలి, జరగకపోతే దేవుడికీ మనకూ చెల్లు. అయినా ఒక తెల్లవారుజామున నేను, నా భార్య అలిపిరిలో పాదాల మండపం ముందు నిలబడ్డాం.

ఆ మొక్కు సంగతి చాలాకాలం నా భార్యకు కూడా తెలియదు. ఆసుపత్రిలో మా అబ్బాయికి రెండో విడత మందు ఎక్కిస్తున్న రాత్రి, వరండాలో కుళాయి పక్కన నిలబడి మొక్కుకున్నాను. వీడు లేచి తిరిగితే ఇద్దరం కలిసి నడిచి కొండెక్కుతాం, ఇద్దరం తలనీలాలు ఇస్తాం అని. మొక్కుకుని లోపలికి వచ్చి చూశాక గుర్తొచ్చింది, వాడి తల మీద అప్పటికి ఒక్క వెంట్రుకా లేదని.

రక్త క్యాన్సర్. పిల్లల్లో వచ్చే ఈ రకం చాలామందికి నయమవుతుందని డాక్టరు మొదటి రోజే చెప్పారు. ఆయన అబద్ధం చెప్పలేదు. మా పక్క మంచం పాప ఇప్పుడు బడికి వెళుతోంది. ఆ చాలామందిలో చేరని వాళ్ల సంగతి అడగాలని ఆ రోజు నాకు తోచలేదు. మా వాడికి తొమ్మిదేళ్లు.

వాడికి మెట్లు లెక్కపెట్టే పిచ్చి ఉండేది. ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో లిఫ్టు వద్దని మారాం చేసేవాడు. ఆసుపత్రిలో వాడి వార్డుకు 66 మెట్లు. అలిపిరి దారిలో 3,550 ఉంటాయని చెప్పినప్పుడు మంచం మీదే కాగితం తీసుకుని భాగహారం చేశాడు. "అంటే మన వార్డుకు 54 సార్లు ఎక్కినట్టు నాన్నా. రోజుకు రెండుసార్లు ఎక్కితే నెలలోపే అయిపోతుంది" అన్నాడు. కొండను కూడా వాయిదాల్లో ఎక్కవచ్చని వాడి లెక్క.

వాడు పోయిన ఏడాదిలో మమ్మల్ని ఓదార్చడానికి వచ్చినవాళ్లు మంచివాళ్లే. కాదనను. కానీ "దేవుడికి ఇష్టమైనవాళ్లను ముందే తీసుకుపోతాడు" అన్నవాళ్ల ముఖం మీదే తలుపు వేయాలనిపించేది. "పాప ఉంది కదా, దాన్ని చూసుకుని బతకండి" అనేవాళ్లు మరికొందరు. ఒకరి బదులు ఇంకొకరు సరిపోయేలా పిల్లలేమైనా గిన్నెలా? ఆ మాట మా అమ్మాయి విననే వింది. వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మన భాషలో ఈ బాధకు పేర్లున్నాయి. కడుపుకోత అంటాం, గర్భశోకం అంటాం. రెండూ అమ్మవే. నాన్నకు మిగిలింది పుత్రశోకం. అది వినగానే దశరథుడో, అర్జునుడో గుర్తొస్తారు. అభిమన్యుడు పడిపోయిన రాత్రి అర్జునుడు రేపు పొద్దుగూకేలోగా సైంధవుణ్ని చంపుతానని శపథం చేశాడు. ఆయనకు సైంధవుడైనా దొరికాడు. మజ్జలో పుట్టే జబ్బు మీద ఏ బాణం వేస్తారు? నేను మాత్రం కొన్నాళ్లు డాక్టర్ల మీద, కొన్నాళ్లు నా మీద, ఎక్కువ రోజులు వేంకటేశ్వరుడి మీద వేశాను. పూజగది తలుపు ఎనిమిది నెలలు తెరవలేదు.

ఒక రాత్రి మొక్కు సంగతి నా భార్యకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "నేనూ ఒకటి మొక్కుకున్నాను" అంది. ఏమిటో చెప్పలేదు. నేను అడగలేదు. పొద్దున్న లేచి, "ఎప్పుడు వెళదాం?" అంది.

శ్రీవారి మెట్టు దారిలో వెళితే 2,388 మెట్లే, దూరమూ తక్కువ, నీ మోకాలికి అదే మేలు అని తనే అంది. వద్దన్నాను. వాడికి నేను చెప్పింది 3,550. దాదాపు తొమ్మిది కిలోమీటర్లు.

మొదట్లో లెక్క బాగానే సాగింది. దారిలో చాలావరకు పైకప్పు ఉంది కాబట్టి ఎండ భయం లేదు. గాలిగోపురం వరకే అసలు కష్టం, నిటారుగా ఉంటుంది. వంద దాటినప్పుడల్లా వేలు మడుస్తూ ఎక్కాను. మా పక్కనే ఒక పెద్దావిడ ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, చిన్న కర్పూరం బిళ్ల వెలిగిస్తూ వస్తోంది. ఆమె వేళ్లు మొదటి కణుపు దాకా పసుపుపచ్చగా నానిపోయి ఉన్నాయి. బొటనవేలితో పసుపు అడ్డంగా లాగి, ఉంగరపు వేలితో బొట్టు పెట్టేది. ఏ మెట్టునూ తక్కువ చేయలేదు. ఎవరి కాలికిందో పడి చెరిగిపోయిన వాటికి వెనక్కి వంగి మళ్లీ పెట్టింది.

నీళ్లు తాగడానికి ఆగినప్పుడు ఆమె అడిగింది, "పిల్లల్ని తీసుకురాలేదా అమ్మా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఎక్కడికి వెళ్లినా వస్తుంది. నేను చెప్పు సర్దుకుంటున్నట్టు కిందికి వంగాను, కాళ్లకు చెప్పులే లేవన్న సంగతి కూడా మరిచిపోయి. నా భార్య మాత్రం తిన్నగా చెప్పింది. "ఇద్దరండీ. పాపకు పరీక్షలు. బాబు పోయిన ఏడాది పోయాడు."

ఆమె ఎలా అని అడగలేదు. ఎన్నేళ్లని అడగలేదు. కాసేపు చూసి, పసుపు భరిణె నా భార్య చేతిలో పెట్టింది. "నా నడుము పట్టేసింది. ఈ పై మెట్లకు కాస్త నువ్వు పెట్టమ్మా. నేను కర్పూరం వెలిగిస్తాను" అంది. ఏడాదిగా ఎందరో చెప్పిన మాటల్లో నాకు పనికొచ్చింది ఇదొక్కటే. అందులో ఓదార్పు లేదు, పని ఉంది. వాళ్లిద్దరూ వంగి లేస్తూ అలా ఎంత సేపు ఎక్కారో, నేను వెనక నిలబడి చూస్తూ లెక్క తప్పాను. రెండు వేలకు ఇటో అటో. మళ్లీ కలుపుకుందామని చూశాను, కుదరలేదు.

గాలిగోపురం దాటితే కొంతదూరం నడక తేలిక. జింకల పార్కు, ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం, చుట్టూ అడవి. 2023 జూన్‌లో ఈ దారిలోనే ఒక పసివాణ్ని చిరుత నోట కరుచుకుపోయింది. జనం అరుస్తూ వెంటపడితే వదిలేసింది, వాడు బతికాడు. రెండు నెలలు తిరగకుండానే, ఆగస్టులో, ఆరేళ్ల పాపను ఎత్తుకుపోయింది. ఆ పాప దక్కలేదు. తర్వాత చిన్నపిల్లలతో నడిచేవాళ్లకు వేళలు పెట్టారు, భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు. ఆ ఇద్దరు తల్లులూ కొండకే వచ్చారు, ఒకే దారిన నడిచారు. నేను ఆ వార్త చదివినప్పుడు మా వాడు బాగానే ఉన్నాడు. పేజీ తిప్పేశాను. ఇప్పుడు చెట్ల వైపు చూస్తూ, ఆ పాప వాళ్ల నాన్న ఈ మెట్లు మళ్లీ ఎప్పుడైనా ఎక్కాడా అని ఆలోచిస్తూ నడిచాను. ఎక్కకపోయినా తప్పు పట్టను.

మోకాళ్ల పర్వతం దగ్గర నిజంగానే మోకాళ్ల మీద ఎక్కేవాళ్లున్నారు. నేను చేయి ఆసరాతో ఎక్కాను. అన్నమయ్య ఎనిమిదేళ్ల వయసులో ఇంట్లో చెప్పకుండా కొండకు బయలుదేరి, అలసి ఇక్కడ నిద్రపోతే అమ్మవారు కనిపించి, చెప్పులు విప్పి ఎక్కమని చెప్పి ప్రసాదం తినిపించిందని కథ. చిన్నప్పటి నుంచి వింటున్నదే. అది గుర్తుచేస్తే నా భార్య ఎగశ్వాసతో ఆగింది. "అమ్మవారు చూసుకుంది సరే. ఇంటి దగ్గర వాళ్లమ్మ ఆ రాత్రి ఏం చేసి ఉంటుంది?" అంది. నాకు జవాబు తెలియదు. తను మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది.

కల్యాణకట్టలో టోకెనుతో పాటు బ్లేడు ఇచ్చారు. బారులు తీరిన కుళాయిలు, తడి నేల, జుట్టు వాసన. క్షురకుడు నా వయసువాడే. నెత్తి మీద నీళ్లు చల్లి, మెడ వంచి, "మొక్కా స్వామీ?" అన్నాడు. అవునన్నాను. తీరిందా అని అతను అడగలేదు. అందరిదీ తీరే ఉంటుందని అనుకుంటాడు కాబోలు. మెడ వంచి కూర్చున్నవాడి ముఖం ఎవరికీ కనపడదు. నుదుటి మీద నుంచి నీళ్లు ముక్కు చివరకు వచ్చి కారుతూనే ఉన్నాయి. మా వాడు పోయాక నలుగురిలో నేను ఏడవగలిగింది అక్కడొక్కచోటే. ఎదురుగా కూర్చున్న చంటివాడు పుట్టువెంట్రుకలు తీస్తుంటే గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. వాడి మేనమామ వాణ్ని ఊరుకోబెట్టలేక సతమతమవుతున్నాడు. నా వైపు ఎవరూ చూడలేదు. నా భార్య మూడు కత్తెరల జుట్టు ఇచ్చి వచ్చింది.

దర్శనం గురించి రాయడానికి పెద్దగా లేదు. రెప్ప వేసేంత సేపు చూశాను, ముందుకు నెట్టారు. ఏమడిగావని మా అక్క ఫోను చేసి అడిగింది. ఏమీ అడగలేదు. కోపం ఉందని మాత్రం చెప్పి వచ్చాను. అంత దూరం నడిచి వెళ్లి చెప్పాను కాబట్టి విన్నాడనే అనుకుంటున్నాను.

నాకు మిగిలింది అంతకుముందు దర్శనం క్యూ కంపార్టుమెంటులో గడిపిన రాత్రి. గంటలకొద్దీ కూర్చోవడం, మధ్యలో గోవింద నామం, పిల్లల ఏడుపు. నేను గోడకు చేరగిలబడి కునుకు తీస్తున్నాను. నా భార్య పక్కనే కూర్చుని, పరధ్యానంగా నా గుండు మీద చెయ్యి వేసింది. వెనక నుంచి ముందుకు, మొలకలకు ఎదురుగా అరచెయ్యి లాగింది. ఆసుపత్రిలో మా వాడు నిద్రపోయేదాకా తను అలాగే రాసేది. ముందు నుంచి వెనక్కి రాస్తే వాడు ఒప్పుకునేవాడు కాదు, "అలా కాదమ్మా, గరగరలాడాలి" అనేవాడు.

నడినెత్తికి వచ్చాక ఆ చెయ్యి ఆగింది. నేను కళ్లు తెరవలేదు. నిద్రపోతున్నాననే అనుకోనిచ్చాను. కొంతసేపటికి మెడ దగ్గర నుంచి మళ్లీ మొదలైంది. గేట్లు తీశారని జనం లేచేదాకా అలా రాస్తూనే ఉంది.